తెరుచుకున్న ఒక్క ఫోల్డర్

మా తాత ఈతచెట్లు గీసేవాడు. చీకటితోనే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని ఒంటరిగా వనంలోకి పోయేవాడు. దయ్యాలు కనబడ్డాయా తాతా అని చిన్నప్పుడు అడిగితే, "కల్లు తాగినోళ్లకు కనవడుతయి బిడ్డా, గీసినోళ్లకు కనవడయి" అనేవాడు. నేనూ ఆ ఇంట్లో పెరిగినదాన్నే. దయ్యం పట్టిందన్న మాట వినబడితే ముందు జ్వరం ఉందేమో చూడమంటాను. ఇది రాశాక కూడా నా నమ్మకం పెద్దగా మారిందని చెప్పను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

నేను జగిత్యాలలో ఇంట్లోనే ఉండి పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఫోటోగ్రాఫర్లు కొందరు పెళ్లిళ్లు తీసి ఫోటోలు నాకు పంపుతారు. నేను పేజీలు కూర్చి ప్రింటింగ్‌కు పంపుతాను. పన్నెండేళ్లుగా ఇదే పని. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో, ఏ మేనమామ భోజనాల దగ్గరే ఉండిపోయాడో నాకు తెలుసు. నేనెవరో మాత్రం వాళ్లకు తెలియదు. నాకు అలాగే బాగుంటుంది.

పోయిన ఎండాకాలం నా కంప్యూటర్ కాలిపోయింది. కొత్తది తెచ్చుకుని, పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను. పాత ఆల్బమ్‌లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉన్నాను. దాన్ని తీసి చూసే అవసరమే రాలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు రాజవ్వ వచ్చింది. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి ఆమెది, బీడీలు చేస్తుంది. యాభై ఐదేళ్లుంటాయి. ఎనిమిదేళ్ల కింద ఆమె కూతురు లత పెళ్లి ఆల్బమ్ నేను డిజైన్ చేశానట. మూడేళ్ల కింద లత జ్వరంతో చనిపోయింది. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. లత కూతురు సిరి రాజవ్వ దగ్గరే ఉంది, ఆరేళ్ల పిల్ల. ఈసారి వానకు ఇల్లు కురిసి ఆల్బమ్ నానిపోయి, పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. పెళ్లి తీసిన ఫోటోగ్రాఫర్ దుకాణం మూసేసి దుబాయ్ పోయాడు. అతనే ఫోన్‌లో నా అడ్రస్ చెప్పాడు.

"గోడకు ఆధార్ కార్డు ఫోటో పెద్దగ చేపిచ్చి పెట్టినం" అంది రాజవ్వ. "అండ్ల నా బిడ్డ మూతి ముడుసుకొని ఉంటది. పోరి అడుగుతాంది, మా అమ్మ ఎన్నడు నవ్వకపోయేదా అని."

కుర్చీ వేసి కూర్చోబెట్టి, హార్డ్ డిస్క్ పెట్టాను. లత ఫోల్డర్ దొరికింది. ఫోటోల పేర్లు వరసగా కనబడుతున్నాయి కానీ ప్రతిదాని మూలకు చిన్న తాళం గుర్తు ఉంది. ఏది నొక్కినా అనుమతి లేదనే వస్తోంది. వేరే ఫోల్డర్లు చూశాను. అన్నీ అంతే. డిస్క్ ఊడదీసి మళ్లీ పెట్టినా అదే.

రాజవ్వ స్క్రీన్ వైపు చూస్తూనే ఉంది. సంగతి చెప్పాను. ఆమె కోపానికి రాలేదు. చాయ్ తాగి, నా ఫోన్లో తన నంబర్ ఎక్కించి, "నిమ్మలంగ చూడు బిడ్డా. నాకు తొందర లేదు" అని బస్సుకు పోయింది. ఆ మాటే నన్ను ఎక్కువ బాధ పెట్టింది.

మర్నాడు హార్డ్ డిస్క్ తీసుకుని కోరుట్ల పోయాను. అక్కడ సలీం అన్న కంప్యూటర్లు రిపేర్ చేస్తాడు. మొదటినుంచీ నా మిషన్లన్నీ చూసింది ఆయనే. పది నిమిషాల్లో సంగతి పట్టేశాడు. కస్టమర్ల ఆడపిల్లల ఫోటోలు ఎవరి చేతిలోనూ పడకూడదని, ఎప్పుడో నేనే ఆయనతో ఫైళ్లకు తాళం వేయించుకున్నాను. ఆ తాళానికి చెవి పాత కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఆ చెవిని కాపీ చేసి పెట్టుకోవాలని ఆయన అప్పుడే చెప్పాడు. నేనే మర్చిపోయాను.

నా ముందే లత ఫోల్డర్ వివరాలు తెరిచి చూపించాడు. ఓనర్ అన్న చోట పేరు లేదు, పొడుగాటి నంబర్ ఉంది. పాత కంప్యూటర్‌లో అది నా పేరేనని, కొత్తదానికి అది తెలియక నంబర్ చూపిస్తోందని చెప్పాడు. మిగతా ఫోల్డర్ల వివరాలూ చూపించాడు. అన్నిటికీ అదే నంబర్. మధ్యాహ్నం దాకా ఏవేవో సాఫ్ట్‌వేర్లు పెట్టి చూశాడు. నమాజుకు పోయొచ్చి మళ్లీ కూర్చున్నాడు. చివరికి డిస్క్ తీసి నా చేతిలో పెట్టాడు.

"పాత మిషన్ ఉంటే ఏమన్న చేద్దుము చెల్లె. అది పోయింది కద. ఇగ ఇవి తెరుసుకోవు. ఆమెకు చెప్పెయ్, ఆశ పెట్టకు."

మూడోరోజు పొద్దున వంట అయ్యాక, రాజవ్వకు ఫోన్ చేద్దామని కూర్చున్నాను. నంబర్ తీశాను కానీ నొక్కలేకపోయాను. ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ, ఊరికే హార్డ్ డిస్క్ పెట్టి లత ఫోల్డర్ తెరిచాను.

తాళం గుర్తులు లేవు.

ఫోటోలు ఒక్కొక్కటే చిన్నచిన్నగా స్క్రీన్ మీద నిండుతున్నాయి. మంగళస్నానం, ఎదుర్కోళ్లు, జీలకర్ర బెల్లం. పసుపు ముఖంతో లత. నేను ముందు భయపడలేదు. మళ్లీ మూసుకుంటాయేమోనని గబగబా అన్నీ కంప్యూటర్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఆ తర్వాత పక్క ఫోల్డర్లు చూశాను. వాటికి తాళాలు అలాగే ఉన్నాయి.

అప్పుడు సలీం అన్న చూపించినట్టు లత ఫోల్డర్ వివరాలు తెరిచాను. ఓనర్ దగ్గర నంబర్ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో 'పిట్ట' అని ఉంది.

సలీం అన్నకు ఫోన్ చేశాను. నేను సరిగ్గా చదవలేదనుకున్నాడు. అక్షరం అక్షరం చెప్పాను. "ఏం ముట్టకు, నేనొస్తున్న" అని దుకాణం మూసి బండి మీద వచ్చాడు. వచ్చి తనూ చూశాడు. ఇంతకుముందు ఎవరికైనా ఈ డిస్క్ ఇచ్చావా అని అడిగాడు. లేదు, కోరుట్ల నుంచి వచ్చాక అది నా బీరువాలోనే ఉంది. ఆ పేరుతో నా కంప్యూటర్‌లో అకౌంట్ ఉందేమో వెతికాడు. నా పేరు ఒక్కటే ఉంది. డిస్క్ అంతా ఆ మాట కోసం వెతికించాడు. ఏ ఫైలు పేరులోనూ, ఎక్కడా లేదు.

"ఇరవై ఏండ్ల సంది ఇదే పని జేస్తున్న" అన్నాడు లేస్తూ. "నాకు తెల్వదు చెల్లె. ఫోటోలు ఆమెకు ఇచ్చెయ్."

ఆల్బమ్ మళ్లీ ప్రింట్ చేయించి, ఆదివారం బస్సెక్కి నేనే తంగళ్ళపల్లి పోయాను. రాజవ్వ అరుగు మీద బీడీల చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. సిరి ఆమె ఒళ్లో కూర్చుంది. తలంబ్రాల పేజీ వచ్చింది. లత కళ్లు మూసుకుని, నోరంతా తెరిచి నవ్వుతోంది. కనురెప్ప మీద ఒక బియ్యపు గింజ అతుక్కుని ఉంది. సిరి ఆ పేజీ ఒక పట్టాన తిప్పనివ్వలేదు. నాయనమ్మ వాళ్లు, మేనత్తలు అందరూ దాటిపోయినా మళ్లీ వెనక్కి తిప్పి అక్కడికే వచ్చింది.

అప్పుడు మెల్లగా అడిగాను. "పెద్దమ్మా, పిట్ట అంటే ఎవరు?"

రాజవ్వ నావైపు చూసింది.

"నీకెవరు జెప్పిన్రు?"

కంప్యూటర్ సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. ఆమె విన్నది.

"చిన్నగున్నప్పుడు బక్కగ ఉండేది. వాళ్ల నాయిన పిట్టా అని పిలిసేటోడు. ఆయన పోయినంక నేనొక్కదాన్నే పిలిసేది, అదిగూడ ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు. పెద్దదయ్యింది గద, సిగ్గుపడేది. అల్లునికి గూడ తెల్వదు."

రాజవ్వ లేచి లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. తినకుండా కదలనివ్వలేదు. మక్కగటుక, పచ్చిపులుసు. అంత రుచిగా ఈమధ్య ఎక్కడా తినలేదు. తింటున్నంతసేపూ సిరి ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని, వాళ్లమ్మలాగా కళ్లు మూసి నవ్వడం నేర్చుకుంటోంది. రాజవ్వ చూసి, ఇంకొంచెం నోరు తెరవాలె అని సరిదిద్దింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంటిదాకా చల్లగా వచ్చాను. భయమన్నది ఆరోజు నా దగ్గరికి రాలేదు.

ఆ హార్డ్ డిస్క్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. లత ఫోల్డర్ నొక్కితే తెరుచుకుంటుంది, మిగతావి తెరుచుకోవు. ఓనర్ దగ్గర ఇప్పుడు ఏ పేరూ లేదు, పాత నంబరే ఉంది. అది ఎప్పుడు మారిందో నేను చూడలేదు. ఆరోజు దాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోవాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అందుకే నమ్మమని ఎవరినీ అడగను. సలీం అన్నను అడిగితే చూశానంటాడు, ఎట్లా అని అడిగితే చాయ్ తాగుతావా అంటాడు.