పడమటి కొండల మీద మబ్బు

మొన్న ఆగస్టులో ఒక మధ్యాహ్నం తిరుపతిలో మా అమ్మాయి వాళ్ళ మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది, ఆకాశంలో మచ్చుకైనా మబ్బు తునక లేదు. అయినా పడమటి నుంచి వీచిన గాలిలో తడిసిన మట్టివాసన వచ్చి ముక్కుకు తగిలింది. ఎక్కడో కొండల అవతల వాన పడుతోందన్నమాట. చేతిలో దుప్పటి అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. పిట్టగోడ నీడలో మూతి ముడుచుకుని కూర్చున్న నా మనవరాలు నిత్య, ఏమైంది అమ్మమ్మా అని అడిగింది. దానికి పదమూడేళ్ళు. స్నేహితురాళ్ళతో కలిసి కొండల్లో జలపాతం చూడడానికి పోతానంటే వాళ్ళమ్మ వద్దంది. ఎందుకు వద్దో చెప్పలేదు. కారణం చెబితే వింటాను కదా, వద్దంటే వద్దు అంటే ఎట్లా అని పొద్దుటి నుంచీ అది సణుగుతూనే ఉంది. ఆ వాసనా, ఆ సణుగుడూ కలిసి నన్ను నా పదమూడో ఏటికి లాక్కుపోయాయి.

అది డెబ్బయ్యో దశకం చివరి మాట. చంద్రగిరికీ తిరుపతికీ నడుమ, స్వర్ణముఖి గట్టున మా ఊరు. పుస్తకాల్లో దానికి ఎంత అందమైన పేరున్నా మాకు మాత్రం అది ఏరు, అంతే. ఏడాదిలో పది నెలలు దాంట్లో నీళ్ళుండేవి కావు, ఇసుకే ఉండేది. బియ్యపు రవ్వలాగా తెల్లగా, మెత్తగా, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు నడిచేసరికి పిక్కలు లాగేంత వెడల్పున పరుచుకుని ఉండేది. ఎండాకాలం సాయంత్రాలు ఊరు ఊరంతా అక్కడే. మగపిల్లలు చెడుగుడు ఆడేవాళ్ళు, ఆడపిల్లలం మోచేతి లోతు గుంట తోడి, అందులో ఊరిన చెలమ నీళ్ళు తేటపడేదాకా చుట్టూ కూర్చుని కథలు చెప్పుకునేవాళ్ళం. మొదటి దోసెడు నీళ్ళలో ఇసుక పళ్ళ కింద కరకరలాడేది, రెండో దోసెడు లేతకొబ్బరి నీళ్ళలాగా ఉండేది. చెనక్కాయలు పెరికే కాలంలో పచ్చికాయలు తెచ్చి కంప మంటలో కాల్చుకుని, మసి అంటిన మూతులతోనే ఇండ్లకు పోయేవాళ్ళం. సెప్టెంబరు నడిమిలో పెరటాసి మాసం వస్తే శనివారం శనివారం ఇంట్లో తళిగ వేసేవాళ్ళు, అంటే వండినవన్నీ ఆకులో వడ్డించి స్వామికి నైవేద్యం పెట్టేవాళ్ళు. నేతిలో వేయించిన మిరియాల వాసన, ఉడుకుతున్న బెల్లం పొంగలి వాసన, తులసి వాసన కలిసి వాకిలి దాటి వీధిలోకి వచ్చేవి. ఏడుకొండలకు నడిచిపోయే వాళ్ళు గోవిందలు కొడుతూ మా వీధిలోంచే పోయేవాళ్ళు. వాళ్ళలో ఒకరికైనా అన్నం పెట్టందే మా ఇంట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చోకూడదు.

ఆ చివరి మాట మా అవ్వది. అవ్వంటే మా నాయనను కన్న తల్లి. వెదురుబద్దలాగా పొడుగ్గా, ఎండి, నిటారుగా ఉండేది. నవ్వితే కింది పలువరసలో రెండు పళ్ళు లేని చోటు కనబడేది; అది కనబడడం అరుదు. ఇంట్లో ఆమె పెట్టిన కట్టడులకు లెక్కే లేదు. వడ్ల గాదె మీద రెండుసార్లు తట్టందే చెయ్యి లోపల పెట్టకూడదు. గంజి వార్చేటప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా గట్టిగా చెప్పి వార్చాలి. బుంగలో నీళ్ళు అడుగంటనివ్వకూడదు. ఆడపిల్ల ఈల వెయ్యకూడదు. అన్నింటికన్నా గట్టిది ఒకటుంది: పడమటి కొండల మీద మబ్బు కమ్మితే, మన నెత్తిన ఎండ కాస్తున్నా సరే, ఏట్లో కాలు పెట్టకూడదు. ఆమె మాత్రం మబ్బున్నా లేకపోయినా ఏట్లోకి దిగేదే కాదు. గట్టు దాకా వచ్చి, అక్కడినుంచే మమ్మల్ని పిలిచి వెనక్కి తిరిగేది.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి నాకు తెలివి ఎక్కువైంది. సైన్సు చెప్పే అయ్యవారు ప్రతిదానికీ ఎందుకని అడగమన్నారు, నేను ఆ మాట ఇంటికి తెచ్చుకున్నాను. ఒకరోజు తెగించి అడిగేశాను.

"మబ్బు యాడో కొండ మీద ఉంటే మనకేమవ్వా? ఈడ ఎండ కాస్తా ఉండాది గదా."

అవ్వ చెనక్కాయలు ఒలుస్తూ తల ఎత్తనైనా ఎత్తలేదు. "సెప్పినా గదా. అంతే."

ఆ 'అంతే' అన్న మాట నాకు చెంపదెబ్బలాగా తగిలింది. కారణం ఉంటే చెప్పేది కదా, లేదు గనకే చెప్పలేదు అనుకున్నాను. అవ్వ మాట తప్పని తేల్చి చూపించాలన్న పంతం ఆ రోజే నాలో పుట్టింది.

ఆ ఏడు వానలు మొండిచెయ్యి చూపించాయి. బావుల్లో మెట్లన్నీ బయటపడ్డాయి. ఒక శనివారం బడి ఒంటిపూటే. ఇంటికి వచ్చేసరికి అమ్మా నాయనా చేన్లో ఉన్నారు, అవ్వ వసారాలో స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తోంది. పడమట చూస్తే కొండల నెత్తిన కాటుక రాసినట్టు నల్లటి మబ్బు. మా ఊరి మీద మాత్రం కళ్ళు తెరవలేనంత ఎండ. ఇదే సమయం అనుకున్నాను. ఇత్తడి బుంగ చంకన పెట్టుకుని బయలుదేరితే ఆరేళ్ళ మా తమ్ముడు గోపి వెంటపడ్డాడు. వద్దన్నా వినలేదు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా వద్దనలేదు.

ఇసుక కాలుతుంటే ఇద్దరం ఎగిరెగిరి పరిగెత్తుకుంటూ ఏటి నడిమికి పోయాం. చెలమ తోడాను. గోపి తడి ఇసుకతో ఇల్లు కట్టాడు, దానికి ఆవుల కొట్టం కట్టాడు. ఏటి పొడుగునా మేమిద్దరమే. చూశావా, ఏమైంది అని మనసులోనే అవ్వతో అంటూ బుంగ ముంచబోయాను. అప్పుడు గమనించాను, చెలమలో నీళ్ళు నేను ముంచుతున్నా తగ్గడం లేదు. తగ్గకపోగా పైకి వస్తున్నాయి. గుంట అంచులు వాటంతట అవే కరిగి లోపలికి జారుతున్నాయి. ఇంతలో పడమటి నుంచి చల్లగాలి కొట్టింది, దాంతోపాటు తడిమట్టి వాసన. దూరంగా ఇసుకలో నిలబడి ఉన్న కొంగలన్నీ ఒక్కసారిగా లేచి మా తలల మీదుగా ఎగిరిపోయాయి.

"అక్కా, బండ్లు వస్తా ఉండాయి," అన్నాడు గోపి, చెవి ఒగ్గి.

నాకూ వినబడింది. రాళ్ళ దారిలో ఎద్దుల బండ్లు బారులుగా వస్తున్నట్టుంది. బండ్లేమీ కనబడలేదు. అప్పుడే గట్టు మీద నుంచి అవ్వ కేక. జుట్టు విడిపోయి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఎన్నడూ ఏట్లో అడుగు పెట్టని మనిషి గట్టు మీద నుంచి జారుతూ ఇసుకలోకి దిగి మా వైపు పరిగెత్తుకొస్తోంది.

"బుంగ ఇడిసిపెట్టు! వాణ్ణెత్తుకో! ఎనిక్కి సూడొద్దు, నన్నే సూడు!"

ఎందుకని అడగలేదు. గోపిని చంకనేసుకుని ఆమె ముఖం మీదే చూపు నిలిపి పరిగెత్తాను. ఇసుక కాళ్ళను పట్టి లాగుతోంది. సగం దారిలో అవ్వ ఎదురొచ్చి వాణ్ణి లాక్కుని భుజాన వేసుకుంది, రెండో చేత్తో నా జడ పట్టుకుంది. ఆ వయసులో ఆమెకు అంత బలం ఎక్కడిదో! గట్టెక్కి పడిపోయాక గానీ నా జడ వదల్లేదు.

అప్పుడు వెనక్కి చూశాను. నేను అనుకున్నట్టు అది కొండంత అల కాదు. మోకాలెత్తు నురగ, ఏటి వెడల్పున, ఎర్రమట్టి రంగులో, ఎండుటాకులనూ కంపనూ కొబ్బరి డొక్కలనూ ముందు తోసుకుంటూ, వాసన పట్టే జంతువులాగా అటూ ఇటూ తల తిప్పుకుంటూ వస్తోంది. పల్లం కనబడితే దాంట్లో దూకి, నింపి, మళ్ళీ లేచి వస్తోంది. నెత్తిన ఎండ మెరుస్తూనే ఉంది. గోపి కట్టిన ఇల్లు ఉన్న చోటికి వచ్చింది, దాటింది. బుంగ ఒక్కసారి తళుక్కుమని తిరిగి మునిగిపోయింది. ఆ నురగ వెనక వచ్చింది అసలు ఏరు. నడుముల లోతు, ఆ తర్వాత మనిషి లోతు, వేళ్ళతో సహా చెట్లు, ఎవరి దొడ్లోదో ఒక తడిక, దాని మీద ముడుచుకుని కూర్చున్న పాము. గట్టు నా కింద అదురుతోంది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఇంత పెద్దది, ఇంత బతికి ఉన్నది ఇన్నేళ్ళూ మా ఆటస్థలంలో నిద్రపోతూ ఉందా అనిపించింది.

"ఏరొచ్చె! ఏరొచ్చె!" అని కేకలు వేసుకుంటూ ఊరంతా గట్టుకు వచ్చేసింది. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా తెచ్చి నీళ్ళలో చల్లారు, కర్పూరం వెలిగించారు, నవ్వుతూ ఏడ్చారు. బావులు ఊరతాయి, చేన్లు బతుకుతాయి. అవ్వ పాదాల్లో తుమ్మముళ్ళు దిగి ఉన్నాయి. అయినా ఆమె కూడా లేచి నిలబడి ఆ ఏటికి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. మమ్మల్ని మింగబోయిన నీళ్ళకు ఎందుకు మొక్కుతోందో ఆ పూట నాకు అర్థం కాలేదు.

మా కోసం దిగినప్పుడు గట్టు మీది కంపదడి చుట్టూ తిరిగి వచ్చేంత సమయం లేక అవ్వ తుమ్మకంప తొక్కుకుంటూ వచ్చింది. మర్నాడు పొద్దున వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి, నాయన పిన్నీసు కాల్చి ముళ్ళు తీశాడు. నేను ఆమె కాలు నా ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నాను. నన్ను ఎవరూ తిట్టలేదు. అది తిట్టుకన్నా బరువుగా ఉంది. అవ్వే మొదలుపెట్టింది.

"నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు నాకు నీ వయసే పాపా. ఏటి నడిమి బండ మీద మునెప్పా, వాళ్ళ పెండ్లామూ ఊరి గుడ్డలు ఉతికేవాళ్ళు. ఆ పొద్దు గూడా ఇట్లే ఎండ. ఏరు బండకు రెండు పక్కలా వచ్చేసింది. నేనే ఊళ్ళోకి పరిగెత్తి మొగోళ్ళను పిల్చుకొచ్చినా. మోకులు ఇసిరినారు, అందల్యా. వాళ్ళకు ఒక మనిషి కనపడతా ఉండాల, నువ్వు ఈడనే నిలబడు అనింది మా అత్త. నిలబడినా. మునెప్ప కేకేసి అడిగినాడు, గట్టుకాడ నీళ్ళు తగ్గుతా ఉండాయా అమ్మణ్ణీ అని. నీళ్ళు నా పాదాల కాడికి వచ్చేసినాయి. తగ్గుతా ఉండాయనే సెప్పినా. మూడు తూర్లు అడిగినాడు. మూడు తూర్లూ అదే సెప్పినా. నాలుగో తూరి అడగల్యా."

నాయన చేతిలో పిన్నీసు ఆగిపోయింది. తన తల్లి నోట ఆయన కూడా ఆ మాట వినడం అదే మొదలు.

"ముందే సెప్పి ఉంటే నేను పోయుండను గదవ్వా," అన్నాను ఏడుస్తూ.

"కారణం సెప్తే నువ్వు దాన్ని కొలుస్తావు. మబ్బు ఎంతుండాది, ఏరు వచ్చే లోపల ఉరికి రాగలనా లేదా అని ఎంచుతావు. అందుకని సెప్పల్యా." నా చేతిలోంచి కాలు తీసుకుని, "సెప్పాలంటే నాకు ఆ గొంతు మళ్ళా ఇనపడతాది. అదీ ఉండాది," అంది.

ఆ తర్వాత తనే, ఇంక ఏం అడగాలో అడుగు అంది. ఒక్కొక్కటే అడిగాను. గాదెలో చెయ్యి పెట్టి తేలు కుట్టించుకున్నది ఆమె చెల్లెలట. గంజి వారుస్తుంటే కిందుగా పాకుతూ వచ్చిన పసిబిడ్డ మా నాయనేనట. ఆయన వీపు మీది మచ్చ నేను పుట్టుమచ్చ అనుకుంటూ వచ్చాను. బుంగ నిండుగా ఉండాల్సింది, కొండకు నడిచిపోయేవాళ్ళు ఏ వేళ దాహమని వస్తారో తెలియదు కనక. నేను రోజూ విసుక్కుంటూ చేసే పనులన్నింటి వెనకా మనుషులు నిలబడి ఉన్నారు, పేర్లతో, దెబ్బలతో, ఏడుపులతో. ఆ వాకిట్లో కూర్చుని నేను నిన్నటి ఏటిని చూసినట్టే ఆమెను చూశాను.

"మరి ఈల?"

అవ్వ తల అడ్డంగా ఊపింది. "దానికి నాకూ తెల్దు. మా అత్త సెప్పింది, నేనూ సెప్పినా. యేసుకోపో." నేను ఈల వేశాను. తనూ పెదవులు సున్నాలాగా చుట్టి ఊదింది; లేని పళ్ళ సందులోంచి వట్టి గాలి వచ్చింది. నాయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

మిద్దె మీద ఇదంతా విని నిత్య లేచింది. దుప్పటి రెండో కొస పట్టుకుని ఆరెయ్యడానికి సాయం చేసి, కిందికి వాళ్ళమ్మ దగ్గరికి పోయింది. వాళ్ళిద్దరూ వంటింట్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు.

తర్వాతి వారం పనుండి చంద్రగిరి వైపు బస్సులో పోయాను. అవ్వ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమె కట్టడుల్లో సగం ఇప్పుడు పాటించాలన్నా మీరాలన్నా కుదరదు. తట్టడానికి గాదెల్లేవు, వీధిలోంచి నడిచిపోయే గోవిందల వాళ్ళు లేరు. ఏట్లో ఇసుక లారీలకెక్కి పోయింది, మిగిలింది గుంటలూ, కంపా, ఊళ్ళ మురుగూ. చెలమ అంటే ఏమిటో బడిపిల్లలకు బొమ్మ గీసి చూపించాలి. బస్సు వంతెన మీదికి వచ్చేసరికి, పైన ఎక్కడో పడిన వానకు కొత్తనీరు దిగుతోంది. సన్నగా, ఎర్రగా, ప్లాస్టిక్ సంచులను ముందు తోసుకుంటూ, గుంట గుంటలో ఆగి నిండుతూ వస్తోంది. గట్ల మీద మనిషి జాడ లేదు. బస్సులో ఎవరూ తల తిప్పి చూడలేదు. ఏరొచ్చె అన్న కేక నా గొంతుదాకా వచ్చింది. ఎవరికని వెయ్యను? వంతెన దాటేదాకా కిటికీ ఊచ పట్టుకుని, ఆ నీళ్ళనే చూస్తూ కూర్చున్నాను.