నాయనను దీవికి తీసుకుపోయే ఏర్పాట్లు

అన్న చనిపోయిన సంవత్సరం నేను ప్రతి పనీ చాలా చక్కగా చేశాను. ఆఫీసుకు ఒక్కరోజు ఆలస్యంగా పోలేదు. రాసిన ఉత్తరాల్లో ఒక్క తప్పు దొర్లలేదు. ఏడవలేదు కూడా. చూసినవాళ్లు ఈ పిల్లకు గుండె నిబ్బరం ఎక్కువ అన్నారు. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదే, అలా ఉండేది. ఆ స్థితిలోనే మా నాయనను మధ్యధరా సముద్రంలో ఒక దీవికి పది రోజుల విహారానికి తీసుకుపోవాలని పూనుకున్నాను. ఆ ఏర్పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. అనంతపురంలో విదేశీ దాతల సాయంతో నడిచే ఒక సంస్థలో పని. పల్లెల్లో పిల్లలు తమను చదివిస్తున్న దాతలకు తెలుగులో రాసే ఉత్తరాలను ఇంగ్లీషులోకి మార్చాలి, వచ్చిన జవాబులను తెలుగులోకి మార్చాలి. పిల్లలందరూ ఇంచుమించు ఒకే ఉత్తరం రాసేవారు. నేను క్షేమం, మీరు క్షేమమా, ఈసారి కూడా వానలు లేవు. వారమంతా టౌన్లో అద్దె గది. శనివారం సాయంత్రం ఉరవకొండ బస్సెక్కి మా ఊరికి పోయేదాన్ని.

నాయన సేద్యం చేసేవాడు. దాంతోపాటు పాయింటు చూసేవాడు. అంటే బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చెప్పేవాడు. అరచెయ్యి చాపి, దాని మీద టెంకాయను పడుకోబెట్టుకుని, చేను ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ దానంతట అదే లేచి నిలబడుతుంది. నమ్మేవాళ్లు నమ్మేవారు, నవ్వేవాళ్లు నవ్వేవారు. నవ్విన వాళ్లు కూడా బోరు బండిని పిలిచే ముందు ఒకసారి మా ఇంటి గడప తొక్కేవారు. నాకు నమ్మకం ఉండేదా అంటే చెప్పలేను. ఇంట్లో వాళ్ల పని గురించి అలా ఎవరూ ఆలోచించరు.

ఆ ఏడు మా సొంత బావి ఎండిపోయింది. నాయన బావి అడుగుకు దిగి, టెంకాయతో చూసి, తూర్పు మూల చూపించి, "ఇంగ పదైదు అడుగులు తోడితే నీళ్లుండాయి" అన్నాడు. అన్న గడ్డపార పట్టుకుని దిగాడు. ఇద్దరు కూలీలు పైనుంచి మట్టి లాగేవారు. తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి పన్నెండు అడుగులు పోయింది. అప్పుడు పక్క గట్టు పెళ్లగా జారి అన్న మీద పడింది. నాయన ఒడ్డు మీదే ఉన్నాడు. ఊరంతా వచ్చి మట్టి తీసి అన్నను పైకి తెచ్చేసరికి పొద్దుగూకింది. ఆ తర్వాత ఆ బావిలోకి ఎవరూ దిగలేదు. మిగిలిన మూడడుగుల కింద నీళ్లున్నాయో లేవో ఎవరికీ తెలియదు.

అప్పటినుంచి నాయన పొద్దున లేచి ముఖం కడుక్కుని నేరుగా బావి ఒడ్డుకు పోయి కూర్చునేవాడు. అమ్మ అక్కడికే సంగటి తీసుకుపోయేది. పాయింటు చూడమని ఎవరైనా టెంకాయ తెస్తే "తర్వాత చూస్తాలేప్పా" అని పంపేసేవాడు. ఏం అడిగినా సరే అనేవాడు. వద్దన్నా సరే అనేవాడు. శనివారం బస్సు దిగి నడిచొస్తుంటే దూరం నుంచే ఆయన తలగుడ్డ కనిపించేది. నాకు కావలసింది ఒక్కటే. ఎలాగైనా ఆ ఒడ్డు మీద నుంచి ఆయనను లేపాలి.

అలాంటప్పుడు ఆ పిలుపు వచ్చింది. పిలిచినావిడ మా ఊళ్లో ఒక పిల్లను చదివించే దాత. స్పెయిన్ దేశపు ఇబిజా అనే దీవిలో చిన్న లాడ్జీ నడుపుతుంది. రెండేళ్ల ముందు ఆ పిల్లను చూడటానికి మా ఊరు వచ్చినప్పుడు నాయన పాయింటు చూడటం దగ్గరుండి చూసింది. ఆయన చేతిలో టెంకాయ నిలబడిన ఫోటో తీసుకుని పోయి తన లాడ్జీ గోడకు తగిలించుకుంది. పిల్ల ఉత్తరంతో పాటు అన్న సంగతి నేను ఒక్క వాక్యం రాశాను. ఆమె ఆఫీసు కంప్యూటరుకు పెద్ద జాబు పంపింది. మీ నాన్నను తీసుకుని నువ్వు రా. టికెట్లు నేను పంపుతాను. సెప్టెంబరు చివరికి గుంపులు పలచబడతాయి. ఇక్కడ మీరు చేయవలసింది ఏమీ లేదు, ఊరికే సముద్రం ముందు కూర్చోండి.

తర్వాత నాలుగు పోస్టుకార్డులు వచ్చాయి. ఒకదాంట్లో సముద్రం. ఒకదాంట్లో తెల్ల గోడల ఇళ్లు. మూడోదాంట్లో వీధి నిండా జనం, ఆడా మగా ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నాలుగోదాంట్లో పెద్ద హాలు, గొంతు దాకా తెల్లటి నురగ, ఆ నురగలో వందలమంది చేతులెత్తి ఎగురుతున్నారు. అక్కడికి ఎండాకాలంలో ప్రపంచం నలుమూలల నుంచి పడుచువాళ్లు తెల్లార్లూ చిందులేయడానికే వస్తారని, అదే ఆ దీవికి బతుకుతెరువని నేను అమ్మకు చెప్పాను.

"జాతరా?" అంది అమ్మ.

"అట్లాంటిదే."

"ఎన్ని దినాలు?"

"నాలుగు నెల్లు."

అమ్మ కార్డును కళ్ల దగ్గర పెట్టుకుని నురగను చూసింది. "ఇదంతా సబ్బా? ఇంతమంది ఒంటి మీద సబ్బు కడిగేకి నీళ్లు యాడివి వాళ్లకు?" అంది.

అమ్మ ఆ మాట మామూలుగానే అంది. నా బుర్ర మాత్రం దాన్ని పట్టుకుంది. ఎందుకంటే నన్ను అప్పటికి వారం రోజులుగా ఒక చిక్కు తినేస్తోంది. చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు పండుగ చేయరు, పెళ్లికి పోరు, తిరునాళ్ల వైపు తొంగిచూడరు. కొడుకు పోయి ఏడాది తిరగలేదు, తండ్రి ఫారిన్ జాతరకు పోయినాడంట అని ఊరు నోరు నొక్కుకుంటుంది. ఊరి సంగతి అటుంచితే, నాయన పని లేకుండా గడప దాటే మనిషి కాదు. ఊరికే కూర్చోవడానికి రమ్మన్నారంటే లేవడు. పనికైతే పోవచ్చు. ఏటి సూతకంలో ఉన్నా పనికి పోతే ఎవరూ తప్పు పట్టరు.

ఆ శనివారం బావి దగ్గరకు పోయి చెప్పాను. "నాయనా, ఆ దీవిలో నీళ్లకు చానా కష్టమంట. ఎండాకాలం ట్యాంకరుతో తోలించుకుంటారంట. నువ్వొచ్చి ఒక పాయింటు చూడాలంట."

ట్యాంకరు మాట నిజమే, ఆమె ఎప్పుడో ఒక జాబులో రాసింది. చివరి మాట నాది.

నాయన నా వైపు తిరిగాడు. "సముద్రం నడుమ ఊరంటివి. బోరేస్తే ఉప్పునీళ్లు రావా?" అన్నాడు. అన్న పోయాక ఆయన తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. నా ప్లాను పారిందని మురిసిపోయాను. సోమవారమే ఆమెను అడిగాను, ఏదో తెలుసుకోవాలని అడిగినట్టుగా. రాతి కింద తియ్యటి నీళ్లే ఉంటాయి, మరీ ఎక్కువ తోడితే సముద్రం లోపలికొచ్చి ఉప్పగా మారతాయి అని రాసింది. అది నాయనకు చెప్పాను. తల ఊపి, "సరే" అన్నాడు.

ఇక చూడండి నా జోరు. రెండు వందల పేజీల నోటుబుక్కు కొని పైన 'దీవి' అని రాశాను. పాసుపోర్టు అర్జీలు ఒక పేజీ. నాయన పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి దానికి కావలసిన కాగితాలు రెండు పేజీలు. రెండు జతల పంచెలు, ఒక స్వెట్టరు, కాళ్లకు బూట్లు. నాయన బూట్లు వేసుకోడని తెలుసు, అయినా రాశాను. చెనిక్కాయల పొడి, రాగిపిండి, ఊరగాయ. పది రోజులకూ రోజువారీ పట్టిక గీశాను. మొదటి రోజు నిద్ర. రెండో రోజు సముద్రం. మూడో రోజు పాయింటు. నాలుగో రోజు మళ్లీ సముద్రం. చిందులాటల వీధికి నాయనను ఏ దారిన తీసుకుపోకూడదో కూడా పటం తెప్పించి ఎర్ర పెన్నుతో గీత కొట్టాను. అమ్మను కూడా రమ్మంటే, "పాలిచ్చే ఎనుమును ఎవురు చూస్తారు, మీరు పొయ్యి రాండి" అంది. నోటుబుక్కులో అమ్మ పేరు కొట్టేశాను. ఏ పేజీ రాస్తున్నా నాకు ఏమీ అనిపించేది కాదు. అందుకే అంత ఇష్టంగా రాసేదాన్ని అనుకుంటాను.

జూలైలో పాసుపోర్టు విచారణకు హెడ్ కానిస్టేబులు ఇంటికొచ్చాడు. పెద్దమనిషి. మజ్జిగ తాగి, కాగితాలు చూసి, ఏం పని మీద పోతున్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది. "ఆ దేశమోళ్లు నీళ్ల పాయింటు చూసేకి పిలిపిచ్చినారు సామీ."

ఆయన నాయన వైపు కొత్తగా చూశాడు. "అట్లనా పెద్దాయనా. మా మామ చేనుకాడ మూడు బోర్లు ఫెయిలైనాయి. ఒక తూరి నువ్వొచ్చి చూడల్ల."

"ఫారిన్ పొయ్యొచ్చినాక చూస్తాలేప్పా" అన్నాడు నాయన.

"ఆడ లేసే టెంకాయ ఈడ లేయదా" అని నవ్వుతూ కాగితాల మీద సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఊళ్లో అదే మాట. టీ అంగడి దగ్గర, బస్సు దగ్గర, నేను ఎదురుపడితే చాలు. మీ నాయన ఎప్పుడు పోతాండాడు, ఆడ టెంకాయలు దొరుకుతాయా, ఈడ నుంచే తీసకపోవల్లా. మా ఊరివాడు సముద్రం దాటి పాయింటు చూడబోతున్నాడని అందరికీ గర్వం. అన్న పోయినప్పటినుంచి మా ఇంటి ముందు తల దించుకుని నడిచిన వాళ్లు ఇప్పుడు నిలబడి మాట్లాడుతున్నారు. నాయన మాత్రం ఒడ్డు మీదే ఉన్నాడు. ప్రయాణం దగ్గర పడితే లేస్తాడులే అనుకున్నాను.

ఆగస్టు చివర పాసుపోర్టులు వచ్చాయి. వచ్చే వారం వీసాకు బొంబాయి పోవాలి. నోటుబుక్కులో 'ప్రయాణానికి ముందు' అన్న పేజీలో ఒక్కటే మిగిలింది. నాయన సాధన. ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్న టెంకాయ ఒకటి తీసుకుని బావి దగ్గరకు పోయాను.

"నాయనా, చెయ్యి ఆడి ఆర్నెల్లాయ. ఆడికి పోయి తడబడితే బాగుండదు. ఒక తూరి చూసుకో."

"వద్దులేమ్మా."

"ఆమె నీ మీద నమ్మకం పెట్టుకోనుండాది."

నేనే ఆయన చెయ్యి పట్టి చాపి, అరచేతిలో టెంకాయ పెట్టాను. అరచెయ్యి చదునుగా ఉండాలి, వేళ్లు తగలకూడదు. అది నాకంటే ఆయనకు బాగా తెలుసు. ఆయన వేళ్లు ముడిచి టెంకాయను గట్టిగా బిగించి పట్టుకున్నాడు.

"వేళ్లు తెరువు నాయనా."

"తెరిస్తే లేస్తాదేమో."

"లేస్తే మంచిదే గదా."

నాయన బావిలోకి చూశాడు. గొంతులో ఏ మార్పూ లేదు, ఎవరి చేను గురించో చెబుతున్నట్టే చెప్పాడు. "లేస్తే నా చెయ్యి నిజమే. ఆడ నీళ్లుండాయి. మూడడుగుల కింద నీళ్లు పెట్టుకోని వాడు పాయె. లేయకుంటే ఆడ ఏమీ లేదు. ఏమీ లేని తావకు వాణ్ని నేనే దింపితి." టెంకాయను ఇంకా బిగించాడు. "ఈ రెండిట్లో ఏది నిజమో నాకు తెలియద్దు మ్మా."

 ఆయన పక్కనే కూలబడ్డాను. ఇన్ని నెలలూ నేను ఆయనను లేపడానికి ఏం తెచ్చి చేతిలో పెట్టానో అప్పుడు తెలిసింది.

"నాయనా, ఆమె పాయింటు చూడమని రాయలేదు. నేనే అట్ల చెప్పినా. పని అంటే తప్ప నువ్వు లేయవని. ఆమె ఊరికే వచ్చి సముద్రం ముందర కూచోమనింది. అంతే."

"ఊరికే కూచునేకా?"

"ఊ."

"ఎన్ని దినాలు?"

"పది."

 నాయన తిడతాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

"ఆ మాట ముందే చెప్పింటే వచ్చేటోణ్ని గదమ్మా" అన్నాడు.

"ఇప్పుడు మాత్రం ఏమైంది నాయనా, ఇప్పుడే పోదాం. టెంకాయ ముట్టుకోనక్కర్లేదు."

"ఇప్పుడెట్ల పోయేది? తిరిగొస్తే ఊరు ఊరంతా అడుగుతాది, ఆడ లేసెనా అని."

 నాకు ఏడుపు వచ్చింది. అన్న పోయాక అదే మొదటిసారి. అన్న కోసం ఏడ్చాను, నేను చేసిన పనికి ఏడ్చాను, ఏది దేనికో విడదీయలేకపోయాను. నాయన నన్ను ఊరుకోబెట్టలేదు. టెంకాయను రెండు చేతులతో ఒళ్లో అదిమి పట్టుకుని, కదలకుండా అలాగే కూర్చున్నాడు.