పెద్దల్లుడి కన్ను

కాశీబుగ్గలో సందు చివర కంప్యూటర్లు బాగుచేసే కూర్మనాథం చెడ్డవాడు కాదు. ఒకరి సొమ్ము తినడు, ఒకరి మీద చాడీ చెప్పడు. జీడి మిల్లుల వాళ్ళు పిలిస్తే తింటున్న అన్నం ముందునుంచి లేచి వెళ్ళి, మసి పట్టిన పెట్టెలు దులిపి బాగుచేసి వస్తాడు. ఆయనకున్నది ఒకటే జబ్బు. పక్కవాడు బాగుపడితే చూడలేడు. చిన్నప్పుడు పక్కింటి వాళ్ళ పనసచెట్టు విరగకాసిందని అలిగి పడుకున్నాడని వాళ్ళమ్మ అందరికీ చెప్పి నవ్వేది. పెద్దయ్యాక అలగడం మానేశాడు గానీ కడుపుమంట ఆరలేదు. అది తనకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

ఆయన అత్తవారిది ఉద్దానంలో సముద్రం వైపు ఊరు. కొబ్బరి, జీడితోటల మధ్య ఇల్లు. మామగారు పోయి చాలాకాలమైంది. అత్త దమయంతికి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి దుర్గాదేవిని కూర్మనాథానికి ఇచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో ఆయన వైభవం చూడాలి. టీవీ పలకకపోయినా, ఫోను మొరాయించినా, ఆధారు కార్డు బ్యాంకు ఖాతాకి ముడిపడక పింఛను ఆగినా, పెద్దల్లుడు రావాల్సిందే. వస్తే నాటుకోడి కోయాల్సిందే. వీధిలో వాళ్ళు కూడా తమ ఫోన్లు పట్టుకొచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు. టెక్కలిలో చదివిన డిప్లొమాకి అంతకన్నా పెద్ద గౌరవం ఎక్కడా దక్కలేదు మరి.

అప్పుడు వచ్చాడు కార్తికేయ. చిన్నమ్మాయి సౌజన్యని చేసుకుని ఇల్లరికం వచ్చాడు. పలాసలో జీడి మిల్లులో సూపర్‌వైజరు. ఆ ఉద్యోగం చూసి కూర్మనాథం మొదట్లో నిశ్చింతగానే ఉన్నాడు, తమ్ముడూ తమ్ముడూ అని భుజం మీద చెయ్యి కూడా వేశాడు. కానీ ఆ కుర్రవాడు మిల్లు నుంచి వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుని తుపాకుల ఆటలు ఆడేవాడు. ఊరికే ఆడి ఊరుకున్నా బాగుండేది. ఆడుతూ యూట్యూబులో లైవు పెట్టి, మన ఉద్దానం మాటలే మాట్లాడేవాడు. వెనక నుంచి శత్రువు వస్తుంటే, 'ఓరి బావా, ఈడెక్కడ దాపరించాడ్రా' అని వాడనే మాటకి హైదరాబాదులో వాళ్ళు కూడా పడీపడీ నవ్వేవాళ్ళట. చూసేవాళ్ళు వేలయ్యారు, తర్వాత లక్షలయ్యారు. టెక్కలి కాలేజీ పిల్లలు బజార్లో ఆపి ఫోటోలు దిగడం మొదలుపెట్టారు. ఆ ఆటేమిటో దమయంతికి ఒక్క ముక్క తెలియదు. అయినా 'మా సిన్నల్లుడు టీవీలో వత్తాడు' అని ఊరంతా చెప్పుకుంది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. తోడల్లుళ్ళ సంగతీ అంతే. కార్తికేయకి పేరొచ్చినందుకు కూర్మనాథం ఓర్చుకునేవాడేమో. కంప్యూటర్ అంటే ఆ ఇంట్లో తన పేరే చెప్పుకోవాలి కదా, అక్కడ వాడి పేరు వినిపించడమే ఓర్చుకోలేకపోయాడు. ఆడేది ఆటైనా అది కంప్యూటరే కదా.

దాని మీద కారం చల్లినట్టు కొత్త కార్డు వచ్చింది. ఆటలో బొమ్మలన్నీ తెర మీద గీసి చూపించేది గ్రాఫిక్స్ కార్డు. ఆట పెద్దదయ్యేకొద్దీ కార్డూ పెద్దది కావాలి. కార్తికేయ మిల్లు ఉద్యోగం మానేసి, విశాఖపట్నం వెళ్ళి ఇటుకంత కార్డు తెచ్చుకున్నాడు. తెస్తే తెచ్చాడు, ఇంట్లో ఇంత అనుభవమున్న అన్నయ్య ఉండగా, వీడియో చూసుకుంటూ తనే బిగించేసుకున్నాడు. ఆ రోజు పెట్టెకి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొడుతున్నారని కబురొస్తే, దుర్గాదేవి వెళ్ళింది. కూర్మనాథం మాత్రం కోటబొమ్మాళిలో ప్రింటరు పని ఉందన్నాడు. ఆ రోజు కోటబొమ్మాళిలో ఆయనకి టీ తాగడం తప్ప పనేమీ లేదు.

అదిగో, అప్పుడు దేవుడు ఆయన మొర ఆలకించాడు. కొత్త కార్డు పెట్టిన దగ్గర్నుంచి ఆట నిలబడటం లేదు. మొదలుపెట్టిన కాసేపటికే తెర నల్లబడి, ఆట మూతపడిపోతోంది. కార్తికేయ తెలిసినవన్నీ చేశాడు. పాత కార్డుని నడిపించే డ్రైవరు సాఫ్ట్‌వేరు ఊడ్చేసి కొత్తది వేశాడు. ఆటలో నాణ్యత తగ్గించి చూశాడు. విండోస్ మొత్తం మళ్ళీ ఎక్కించాడు. కార్డు వేడెక్కుతోందని తెలుస్తూనే ఉంది గానీ, ఉద్దానం ఎండలనుకుని పెట్టె పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఏం చేసినా ఆట అంతే. వచ్చే ఆదివారం హైదరాబాదులో పేరున్న ఆటగాడొకడితో కలిసి లైవు ఆడాలి. అది బాగా జరిగితే ఒక కంపెనీ వాడు నెలనెలా జీతంలా ఇస్తానన్నాడు. జరగకపోతే మళ్ళీ మిల్లు గుమ్మం ఎక్కాల్సిందే. సౌజన్య అక్కకి ఫోను చేసి ఏడ్చింది. తర్వాత కార్తికేయే చేశాడు.

"అన్నియ్యా, నా వల్ల కాట్లేదు. నువ్వొకపాలి వచ్చి సూడాల."

కూర్మనాథానికి ఆ పూట ఎండుచేపల పులుసు అమృతంలా అనిపించింది. మారు వడ్డించుకుని తిన్నాడు. దుర్గాదేవి వడ్డిస్తూ భర్త మొహం వంకే చూసింది.

మర్నాడు మధ్యాహ్నం బండి తీశాడు. దారిపొడవునా ఒకటే ఆలోచన. నిజానికి అంత పెద్ద కార్డు ఆయన ఎన్నడూ చేత్తో పట్టుకుని ఎరగడు. ఆయన బతుకంతా మిల్లుల బిల్లుల కంప్యూటర్లూ, జెరాక్సు సెంటర్ల ప్రింటర్లూ. లోపం దొరక్కపోతే పరువు పోతుంది. దొరికి బాగుచేస్తే వాడు ఇంకో మెట్టెక్కుతాడు. జీడితోటలు దాటేసరికి మధ్యేమార్గం తోచింది. కార్డే పోయిందనాలి. వెనక్కి పంపమనాలి. అది వెళ్ళి వచ్చేలోపు ఆదివారం దాటిపోతుంది. ఎవరి తప్పూ ఉండదు.

అత్తగారు కాళ్ళకి నీళ్ళిచ్చింది. పాత రోజుల్లోలాగే కుర్చీ తుడిచి వేసింది. కార్తికేయ ఆట పెట్టి చూపించాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, పెళ్ళినాటి కన్నా పదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు. తెర నల్లబడింది. కూర్మనాథం పెట్టె వెనక చెయ్యి పెడితే, ఆట ఆగిపోయినా ఇంకా సెగ కొడుతోంది. స్విచ్చి ఆపి, తాను చూసేటప్పుడు ఎవరూ ఉండకూడదని అందరినీ వీధి అరుగు మీదికి పంపించాడు. డాక్టర్లు అలాగే చేస్తారు.

మరలు విప్పి కార్డు బయటికి తీసి తిరగేశాడు. దాని ఫ్యాన్లు కింది వైపు ఉంటాయి. పెట్టెలో ఉండగా పైనుంచి చూస్తే కనపడవు. పని లేనప్పుడు అవి ఆగి ఉండటం కొత్త కార్డుల పద్ధతే కాబట్టి, ఆగి ఉన్నాయని ఎవరూ అనుమానించరు కూడా. ఒక ఫ్యాను తిప్పితే తిరిగింది. రెండోది కదల్లేదు. వెలుతురుకి పట్టి చూశాడు. నల్ల ఫ్యాను ఇరుసుకి నల్లతాడు చుట్టుకుని ఉంది. దిష్టితాడు. ఎవరో కార్డు చివర ముడివేసి కట్టారు. మిగిలిన కొస గాలికి లోపలికి పోయి ఫ్యానుని బిగించేసింది. గాలి ఆడక కార్డు కాలిపోతూ, ప్రాణం కాపాడుకోవడానికి ఆట మూసేస్తోంది. ఇంతే రోగం. కత్తెర ఉంటే చాలు.

కూర్మనాథానికి నవ్వొచ్చింది. విండోస్ తిరగేసినవాడికి దారప్పోగు కనపడలేదు. ఆ నవ్వులోనే నిర్ణయమూ అయిపోయింది. తాడు ముట్టుకోకుండా కార్డు ఎప్పట్లాగే బిగించి, చేతులు తుడుచుకుని అరుగు మీదికొచ్చాడు.

"కార్డే పోయింది కార్తీ. ఎనక్కి పంపించీ. మనం సేసీదేటీ లేదు."

వాడు వాదిస్తాడని ఎదురుచూశాడు. రెండో మనిషికి చూపిద్దామంటాడనుకున్నాడు. దానికి జవాబు కూడా సిద్ధంగా ఉంది. కార్తికేయ ఆ మాటే ఎత్తలేదు.

"నువ్వు సూసి సెప్పీసేక ఇంకేటుంది అన్నియ్యా. రేపు మిల్లుకెల్లి అడుగుతాను."

ఆ మాట కూర్మనాథానికి చల్లగా తగిలింది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. పక్కన కూర్చున్న దమయంతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, నల్లతాడు కట్టినా ఆగలేదంటే ఎంత పాపిష్టి కన్నో అది అంది. తనకేమీ తెలియనట్టు, తాడు ఎవరు కట్టారని అడిగాడాయన. అక్కే కట్టిందని సౌజన్య చెప్పింది. కొబ్బరికాయ కొట్టిన రోజునే, పలాస నుంచి తాడు తెచ్చి మరీ కట్టిందట. ఎవరి కంటికి భయపడిందని అడిగాడు. సౌజన్య చప్పున తల్లి వంక చూసింది. దమయంతి లేచి, పాలు పొంగుతాయంటూ లోపలికి వెళ్ళిపోయింది. లోపల పొయ్యి వెలిగించి లేదు.

ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. బొట్టు పెట్టిన రోజు వచ్చిన వాళ్ళందరి కళ్ళూ ఆ కార్డు మీద పడ్డాయి. అంతమందిలో ఎవరి కోసమూ దుర్గాదేవి పలాసలో తాడు కొనలేదు. రాని మనిషి కోసం కొంది. పదిహేనేళ్ళు పక్కన పడుకున్న మనిషి. కూర్మనాథానికి సిగ్గు వేసింది, సిగ్గుకన్నా ముందు కోపం వేసింది. అన్నిటికన్నా ముందు ఒక లెక్క తోచింది. ఇప్పుడీ కార్డు వెనక్కి పోతే, దాన్ని కాల్చిన కన్ను తనదేనని ఈ ఇల్లు ఖాయం చేసుకుంటుంది. పిల్లల పెళ్ళిళ్ళ దాకా చెప్పుకుంటుంది.

ఉండండి, ఒక అనుమానం ఉంది, ఇంకొకసారి చూస్తానని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. కార్డు విప్పాడు. తాడు కత్తిరించి, ఇరుసులో చుట్టుకున్నదంతా గోటితో పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఫ్యాను తిరిగింది. బిగించి, కరెంటు తీగ వదులుగా ఉందని, తన తొందరలో ముందు గమనించలేదని చెప్పాడు. మంచితనంతో చేశాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అయినా చేశాడు.

కార్తికేయ ఆట పెట్టాడు. అందరూ నిలబడి చూశారు. చాయ్ తాగడం అయింది, వాకిట్లో ఎండ జరిగింది, తెర నల్లబడలేదు. కార్తికేయ లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. దమయంతి అయితే పెద్దల్లుడి చెయ్యి పడితే చాలునని వీధి వినేలా అంది. ఎన్నేళ్ళుగానో ఆ మాట కోసమే ఆయన ఎదురుచూశాడు. ఇప్పుడు అది ముల్లులా గుచ్చుకుంది. భోజనం చేసి వెళ్ళమంటే ఆగలేదు.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాడు. దారంతా భార్యని ఏమేం అనాలో కూర్చుకున్నాడు. కట్టుకున్న మొగుణ్ణి పుట్టింటివాళ్ళ ముందు దొంగని చేస్తావా అని మొదలుపెట్టాలనుకున్నాడు. గుమ్మంలో దుర్గాదేవి ఎదురొచ్చింది. చెంబుతో నీళ్ళయినా ఇవ్వలేదు.

"ఏటండి, బాగు సేసేరా? పాడు సేసొచ్చేరా?"

కూర్చుకున్న మాటలు వదిలేసి, జేబులో తాడు తీసి ఆమె చేతిలో పెట్టాడు. బాగుచేశానని, ఫ్యానుకి చుట్టుకుందని చెప్పాడు. ఆమె తాడుని చూసింది, సిగ్గుపడలేదు.

"మీరు సెడ్డోరు కాదు. మీ కన్ను మీ సేతిలో ఉండదు. మా సెల్లి కాపరం అది, నాకు బయ్యం ఏసింది."

అని, అక్కడే గుమ్మంలో నిలబడి చెల్లెలికి ఫోను చేసింది. కూర్మనాథం చెప్పులు విప్పకుండా నిలబడి విన్నాడు. ఆట నిజంగా ఆడుతోందా అని అడిగింది. సౌజన్య ఏదో అంది. దుర్గాదేవి అంతటితో వదల్లేదు, ఫోను కార్తికేయకి ఇమ్మంది. మళ్ళీ అదే ప్రశ్న వేసింది. అవతలి నుంచి వాడు అన్నియ్య దేవుడని, ఒక్క చేత్తో బాగుచేసేశాడని గట్టిగా చెబుతుంటే ఇక్కడికి వినిపించింది. అప్పుడు గానీ ఆమె మొహం విచ్చుకోలేదు.

అరుగు మీద కార్డు పోయిందని తానన్న మాట కూర్మనాథానికి గుర్తొచ్చింది. ఆమె భయపడ్డది తప్పు కాదు. కాసేపైనా అది నిజమే అయింది. అదంతా ఒప్పుకుంటూనే, లోపల ఎక్కడో పాత మంట రాజుకుంది. అత్తవారింట్లో కంప్యూటర్ల సంగతి సరే, ఇప్పుడు తన భార్య కూడా తన మాట నమ్మడానికి ముందు వాడి మాట అడుగుతోంది. ఫోను పెట్టేసి దుర్గాదేవి, అన్నం వడ్డిస్తాను, కాళ్ళు కడుక్కోండి అంది.