డబ్బాలో ఏమున్నదని అడిగిన మామకు

మా మామ చనిపోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. కోరుట్ల నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు మీద, వడ్లు ఎండబోసిన చోట, ఒక అట్టడబ్బాకు బండి తగిలి పడ్డాడు. ఆ డబ్బాలో రాయి ఉంది. ఆ రాయి పెట్టింది నేను.

తప్పు ఎవరిదో ముందు చెప్పాలి, మిగతాది తర్వాత. కరపత్రాలు చదివి చదివి నేను నేర్చుకున్న పద్ధతి ఇది. ఇన్నేళ్ళూ నేను రాసిన ప్రతి కాగితం మొదట్లో ఒక గుత్తేదారో, ఒక అధికారో ఉండేవాడు. ఈసారి నేనున్నాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. సిరిసిల్లలో ఇరవై ఏళ్ళకు పైగా మరమగ్గాలు నడిపాడు. మా వైపు వాటిని సాంచాలంటారు. ఒక్క షెడ్డులో పదహారు సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అక్కడి మనుషులు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. నలభై దాటేసరికి మామ చెవులు సగం పోయాయి. మిగిలిన సగంలో ఎప్పుడూ ఏదో మోత. "సాంచ బందువెట్టిన గని, అది నా తలకాయల ఇంక నడుస్తనే ఉన్నది" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వు చూసి మేమూ నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సాంచాలు విడిచిపెట్టి మా ఊరు వచ్చి, మా ఇంటి వెనక వాడలో ఇల్లు తీసుకుని, కోరుట్లలో హెల్మెట్ల దుకాణం పెట్టాడు. ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన రోజూ ఒకటే పాట. "చెవులు వినరానోడు చప్పుడులేని హెల్మెట్లు అమ్ముతుండు. గుడ్డోడు అద్దాల దుకాణం వెట్టినట్టున్నది." మామ ఆ పెదవుల మీది మాట చదివేసేవాడు. "నాయి పోయినయి గనుకనే నీయి కాపాడుతున్ననే. రెండు చాయ్ పంపు, ఒక దాంట్ల చక్కెర తక్కువ."

హెల్మెట్ కోసం వచ్చినవాళ్ళు ముందు రంగు అడుగుతారు. మామ ముందు తల అడిగేవాడు. కనుబొమల మీదుగా బట్ట టేపు చుట్టి కొలిచేవాడు. తల గుండ్రమా, కోలనా అని పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూసేవాడు. తర్వాత తొడిగేవాడు. "బుగ్గలు ఒత్తుకుంటున్నయే" అని కొనేవాడు మొత్తుకుంటే, "ఒత్తాలె. మూతి చేప లెక్క రావాలె. లోపటి మెత్తలు నెల రోజులల్ల అణుగుతయి. ఇయ్యాల సుఖంగ ఉన్నదంటే నెలకు బోర్లేసిన గంప అయితది" అనేవాడు. గడ్డం దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పేవాడు. హెల్మెట్‌తో పాటు చెంపల చర్మం కదిలితే సరే. హెల్మెట్ ఒక్కటే తిరిగితే తీసి పక్కన పెట్టేవాడు. పట్టీ బిగించాక వెనకనుంచి పైకి ఎత్తి చూసేవాడు, ఊడి వస్తుందేమోనని.

అంతటితో అయ్యేది కాదు. "చాయ్ తాగేదాక తీయకు" అనేవాడు. హెల్మెట్ పెట్టుకుని చాయ్ తాగలేక అవస్థ పడుతుంటే చూడటం ఆయనకు సరదా. తీశాక నుదుటి మీద ఒకేచోట ఎర్రగా మచ్చ పడితే, అది ఎంత ఖరీదైనదైనా, ఆ మనిషికి ఇచ్చేవాడు కాదు. "గిది నీ తలది కాదు. నీ తలది వేరే ఉన్నది, ఉండు."

చివరి పరీక్ష నూలుపోగుది. అది నేను ఇంకెక్కడా చూడలేదు. మెడలో సన్నటి తెల్ల పోగు ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది, సిరిసిల్ల అలవాటు. దాన్ని హెల్మెట్ అంచు మీద పెట్టి అద్దం మూసి, మెల్లగా లాగేవాడు. పోగు జారి వచ్చిందంటే అక్కడ సందుంది. సందుంటే గాలి దూరుతుంది, గాలి దూరితే ఈల వేస్తుంది. అద్దం చుట్టూ నాలుగు చోట్ల అట్లా లాగి చూసేవాడు. పోగు రాకుండా బిగుసుకుంటే ముఖం వెలిగిపోయేది.

కానీ అసలు చప్పుడు బండి మీద గాని తెలియదు. ఆయనకు వినబడదు. అందుకని కొత్త రకం ఏది వచ్చినా నాకు ఫోన్ చేసేవాడు. "రా అల్లుడా, నా చెవులు నీ దగ్గరనే ఉన్నయి." దాన్ని తొడుక్కుని జగిత్యాల రోడ్డు మీద కొంత దూరం పోయి వచ్చేవాణ్ణి. బండి దిగకముందే అడిగేవాడు.

"ఎసొంటి చప్పుడు? ఈలనా, సాంచనా, వాననా?"

"వాన."

"సన్నదా, పెద్దదా?"

"సన్నదే మామా. ముసురు."

"అయితే మంచిదే. ఈల అయితే అద్దం తప్పు. సాంచ లెక్క మోగితే వదులైనట్టు. వాన చప్పుడు గూడ లేని హెల్మెట్ దేవుడు గూడ చెయ్యలేడు." తర్వాత తప్పకుండా అడిగేది ఇంకొకటి ఉండేది. "హారన్ వినవడ్డదా?" గాలి మోత తగ్గితేనే హారన్ వినబడుతుందనేవాడు. "చప్పుడు మనిషిని ఉరికిస్తదిరా. చప్పుడు తగ్గితే మనిషి నిమ్మలమైతడు."

ఒకసారి ఇబ్రహీంపట్నం వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త దుబాయ్ నుంచి వస్తున్నాడు, ఇంటికి రాగానే కొత్త బండి ఎక్కుతాడు, మంచి హెల్మెట్ కావాలంది. మామ ఇవ్వనన్నాడు.

"తల తీస్కరా చెల్లే, హెల్మెట్ ఇస్త."

"తల దుబాయిల ఉన్నదన్నా. కొరియర్ల పంపమంటవా?"

దుకాణంలో అందరం పకపకా నవ్వాం. మామ ఆమెతోనే వీడియో కాల్ చేయించాడు. అక్కడ గదిలో ఆ మనిషి బూటు తాడు తీసి తల చుట్టూ కట్టుకుని, దాన్ని ఫోన్‌కు చూపించాడు. మామ ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని తిప్పించాడు. అన్నీ అయ్యాక కూడా ఇవ్వలేదు. "దొరికింది. పక్కన వెడ్త. ఆయన దిగినంక ఇద్దరు రాండ్రి, నా ముంగట తొడుగాలె." వాళ్ళు నిజంగానే వచ్చారు. మొన్న మామ పోయాడని తెలిసి మళ్ళీ వచ్చారు. అతను హెల్మెట్ చేతిలో పట్టుకుని వాకిట్లో చాలాసేపు నిలబడ్డాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

నాకూ మామకూ గొడవలు తక్కువేం కాదు. గుంతల రోడ్లు వేసినవాణ్ణి వదిలి, హెల్మెట్ లేదని కూలివాడి బండి ఆపడం ఏం న్యాయమని నేను ఒక కరపత్రం రాశాను. ఇప్పటికీ ఆ మాట తప్పని అనుకోను. దాన్ని తీసుకెళ్ళి ఆయన దుకాణం గోడకే అంటించాను. మామ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు, వెనక పేజీ కూడా.

"మంచిగ రాసినవ్ అల్లుడా. రోడ్డు కోసం కొట్లాడు. కని రోడ్డు అయ్యేదాక తల ఉండాలె గద."

"నీ దుకాణం నడవాలని అంటున్నవ్."

ఆ మాట అన్నాను నేను. ఆయన పెదవులు చదివేవాడు కదా, నేను గొణిగినా దాచలేను. మామ కాగితం అంచులు ఊడుతుంటే ఇంకో రెండు చోట్ల టేపు అంటించాడు. అది ఇవాళ్టికీ ఆ గోడ మీదే ఉంది.

ఈ కోతలకు మా వడ్లు కూడా రోడ్డు మీదే ఎండబోశాం. పచ్చిగా ఉన్నాయని కొనుగోలు సెంటరు తిప్పి పంపుతుంది, ఎండబోయడానికి కల్లం లేదు, రోడ్డే కల్లం. వడ్ల మీదికి బండ్లు రాకుండా అంచున రాళ్ళు పెడతాం. వడ్లు ఎత్తుకుని పోతాం, రాళ్ళు అక్కడే ఉంటాయి. ఇది మా అందరి అలవాటు. మామకు ఈ రాళ్ళంటే భయం. ఒకరోజు దుకాణం మూసి వస్తూ ఖాళీ హెల్మెట్ డబ్బాలు బండి వెనక పెద్ద మోపుగా కట్టుకుని తెచ్చాడు. మేము కట్టెలు కట్టినట్టు నూలుతో కట్టాడు.

"రాళ్ళు తీయిండ్రి. గియ్యి వెట్టుండ్రి. ఎవడన్న తగిలినా డబ్బ ఎగిరిపోతది, మనిషి పోడు."

మొదటిరోజు డబ్బాలే పెట్టాను. రంగురంగుల హెల్మెట్ బొమ్మలు వరుసగా రోడ్డు పక్కన నిలబడితే పిల్లలు చూడ్డానికి వచ్చారు. రెండోరోజు గాలి లేచింది. లారీ పోయినప్పుడల్లా నాలుగు డబ్బాలు పొలంలో పడేవి. తెచ్చి పెట్టి, తెచ్చి పెట్టి విసిగిపోయాను. నాకు కోపం ఎక్కువ, మీకు తెలుసు. తీసి పడేసిన రాళ్ళే మళ్ళీ తెచ్చి, ఒక్కో డబ్బాలో ఒక్కో రాయి పెట్టి మూత మూశాను.

మామకు చెప్పలేదు. చెప్పేంత పెద్ద పని అనిపించలేదు. డబ్బాలు పెట్టిన ఆ మూడు రోజులూ ఆయన కోరుట్లలో వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడట, మా అల్లుడు రోడ్డు మీద ఒక్క రాయి లేకుండా చేసిండని.

మూడోరోజు పొద్దుగూకే వేళ మామ దుకాణం మూసి వస్తుంటే ఎదురుగా వడ్ల లారీ వచ్చింది, లైట్లు కళ్ళల్లో కొడుతూ. మామ వెనక వస్తున్న ఆటో డ్రైవర్ నాతో చెప్పిన మాట ఇది: "బెదరలేదన్నా. తెలిసినోని లెక్క పక్కకు తీసిండు. డబ్బనే గద అనుకున్నట్టుండు." తన డబ్బా. తనే నూలుతో కట్టి తెచ్చిన డబ్బా. అది ఎగిరిపోతుందని ఆయనకు తెలుసు.

నేను పోయేసరికి నలుగురు చుట్టూ ఉన్నారు. ఒకతను హెల్మెట్ గుంజబోతే మామ అరచెయ్యి అడ్డం పెట్టాడు. పడ్డవాడి తల నుంచి హెల్మెట్ లాగొద్దని ఎంతమందికి చెప్పాడో. తలకు ఏమీ కాలేదు. ఛాతీ రాయి మీద పడింది. నేను బండి పడేసి ఆయన మీదికి వంగాను. నన్ను గుర్తుపట్టి అడిగాడు.

"డబ్బల ఏమున్నది అల్లుడా?"

కోపంగా కాదు. కొత్త హెల్మెట్ చప్పుడు అడిగినట్టే అడిగాడు, నేను చెప్పింది నమ్మడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఆయన కళ్ళు నా పెదవుల కోసం వెతికాయి. నా తల మీద హెల్మెట్ ఉంది. ఆయనే ఏరి ఇచ్చినది, నల్ల అద్దం. నేను అద్దం ఎత్తలేదు. లోపల ఏదో అన్నాను, ఏమన్నానో నాకే తెలియదు. ఆయనకు కనబడలేదు, వినబడలేదు. అంబులెన్సు వచ్చింది. జగిత్యాల ఆసుపత్రిలో తెల్లారేసరికి పోయాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

రాయి మామా. డబ్బాలో రాయి ఉంది. నేనే పెట్టాను.

ఆయన హెల్మెట్ ఆసుపత్రివాళ్ళు నాకు ఇచ్చారు. గడ్డం దగ్గర ఒక్క గీత. ఒకసారి కిందపడ్డ హెల్మెట్ మళ్ళీ తలకు పెట్టొద్దు, దాని పని అది చేసేసిందనేవాడు. అత్తమ్మ దాన్ని గోడ మేకుకు తగిలించింది. అద్దం కింద తెల్ల పోగు ఒకటి చిక్కుకుని వేలాడుతోంది. ఆ పొద్దున ఎవరికి చూపిస్తూ మరిచిపోయాడో. నేను పట్టుకుని లాగి చూశాను. రాలేదు.

ఎల్లుండి ఆదివారం మామ పదకొండో దినం. పొద్దున ఆరు గంటలకు ఆయన పడ్డ చోటికి, మా ఊరి కల్వర్టు దగ్గరికి రండి. అక్కడి నుంచి కోరుట్ల దాకా రోడ్డు మీద ఉన్న ప్రతి రాయినీ ఎత్తేద్దాం. రాళ్ళ బదులు పెట్టడానికి ఊక నింపిన సంచులు తెండి, గాలికి పోవు, మనిషిని చంపవు. కల్లాల కోసం కొట్లాట ఆగదు, ఆ కాగితం మళ్ళీ రాస్తాను. ముందు రాళ్ళు.

బండి మీద వచ్చేవాళ్ళు హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని రండి. ఆయన అడిగినదానికి నేను అక్కడ, అందరి ముందు, నోటితో జవాబు చెప్పాలి. చెప్పేటప్పుడు నేను హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుంటాను. ఆరు గంటలకు.