చేతులాయన కుడి చెయ్యి

ఇప్పటి కార్లు మలుపు తిరగాలంటే కన్ను కొడతాయి. పాతకాలపు కార్లకి అంత చొరవ లేదు, మర్యాదగా చెయ్యి చాపేవి. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య ఉండే కమ్మీలో సన్నటి గూడు, ఆ గూట్లో జానెడు రేకు చెయ్యి, దానికి నారింజరంగు పలక, పలక లోపల చంటిపిల్ల చిటికెనవేలంత బల్బు. డ్రైవరు మీట తిప్పగానే లోపలి తీగచుట్టకి కరెంటు అంది, అది ఇనపకడ్డీని లాగి, చెయ్యి టక్కున పైకి లేచేది. మలుపు తిరిగాక మీటని మళ్ళీ వెనక్కి తిప్పడం డ్రైవరే గుర్తుపెట్టుకోవాలి. మరిచిపోతే కారు చెయ్యి చాపుకునే ఊరంతా తిరిగేది, గేటుకి తగిలి చెయ్యయినా విరిగేది, తీగచుట్టయినా మాడిపోయేది.

దీనికి కంపెనీ పెట్టిన పేరేదో ఉంది కానీ కార్లు బాగుచేసే షెడ్డులో ఎవరి నాలుకకీ అది తిరగలేదు. చెయ్యి అనే అన్నారు. చేతులు బాగుచేసేవాడు కనక ఆయన చేతులాయన అయ్యాడు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు.

ఈ మాటతో ఆయన భార్య కాపురానికొచ్చిన కొత్తలోనే మోసపోయింది. షెడ్డునుంచి ఎవరో వచ్చి, "లాయరుగారి చెయ్యి విరిగిందమ్మా, మీ ఆయన దాని దగ్గరే ఉన్నాడు, అన్నానికి రాడు" అని చెప్పిపోతే, పాపం ఆవిడ చీర మార్చుకుని లాయరుగారి ఇంటికి పరామర్శకి వెళ్ళింది. లాయరుగారే వచ్చి రెండు చేతులతోనూ తలుపు తీశాడట. ఆవిడ ఏం చెప్పాలో తోచక, మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేసింది.

చేతులాయన ఇంజన్ల జోలికి పోడు. కారులో చిన్నాచితకా కరెంటు వస్తువులే ఆయన లోకం. తనకి తానే కీ ఇచ్చుకునే డాష్‌బోర్డు గడియారం, సిగరెట్టు వెలిగించే గొట్టం, అద్దం మీద మంచు కరగడానికి అతికించే వేడి పట్టీ, రేడియో కడుపులో బుయ్యిమని మూలిగే డబ్బా. వీటిలో ఏది పోయినా కారు ఆగదు. అందుకే వీటిని బాగుచేసేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు, ఊళ్ళో ఈయన ఒక్కడే మిగిలాడు. కాస్త గర్వం కూడా ఉండేది. గర్వమంటే చిన్నమాట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, పైగా ఆ మూడు కాళ్ళూ తానే లెక్కపెట్టానంటాడు.

ఆయన తమ్ముడు కూడా అదే షెడ్డులో పెరిగాడు, అదే బల్ల దగ్గర తీగ చుట్టడం నేర్చుకున్నాడు. నేర్పింది అన్నే. తరవాత తమ్ముడికి వేరే బుద్ధి పుట్టింది. ఒకాయన తన కారుకి కన్నుకొట్టే దీపాలు పెట్టమని అడిగితే, అన్న ఊళ్ళో లేని సమయం చూసి రెండు చేతులూ ఊడబీకి, గూళ్ళలో లప్పం కూరి, మీద రంగు కొట్టేశాడు. పని ఎంత నున్నగా కుదిరిందంటే గూడు ఎక్కడుండేదో తడిమినా తెలియదు. అన్న వచ్చి తడిమాడు.

"మనిషివేనా నువ్వు? చేతులు నరికి నున్నగా సున్నం కొడతావా?"

"చేతుల కార్లు ఎన్ని మిగిలాయి అన్నయ్యా? రేపు మనకి అన్నం పెట్టేవి ఈ దీపాలే."

తమ్ముడి మాటలో అబద్ధం లేదు. అందుకే అన్నకి ఒళ్ళు మండింది. మాటా మాటా పెరిగి షెడ్డుకి అడ్డంగా ప్లైవుడ్ చెక్క లేచింది. చెక్క బరువుగా ఉండటంతో వడ్రంగి మేకులు కొడుతున్నంతసేపూ అన్న ఒక కొస, తమ్ముడు ఒక కొస పట్టుకుని నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇటు పాత చేతులు, అటు కొత్త దీపాలు. చెక్కకి తలుపు పెట్టించాలని ఇద్దరికీ తోచలేదు, తోచినా పైకి అనలేదు.

కానీ ప్లైవుడ్‌కి ఇవతల తుమ్మితే అవతల వినిపిస్తుంది. పనిముట్లా, కొన్ని అటుండిపోయాయి, కొన్ని ఇటు. మాట్లాడకుండా కుదరదు, మాట్లాడితే పంతం పోతుంది. ఇద్దరూ కలిసి ఒక దారి కనిపెట్టారు. గాలిని చూసి మాట్లాడటం, చివర ఒక 'ట' తగిలించడం.

"సన్నముక్కు ప్లయ్యరు ఇటు కావాలట."

"పై అరలో ఉందట. వాడాక తుడిచి పెట్టాలట."

ఎవరికి కావాలో, ఎవరు తుడవాలో 'ట' చెప్పదు. తోటికోడళ్ళిద్దరికీ మాత్రం మధ్యలో ఏ చెక్కా లేదు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని, ఈ ఒక్క అక్షరమూ లేకపోతే మన మొగుళ్ళు మూగవాళ్ళయిపోదురు అని నవ్వుకునేవాళ్ళు. ఏళ్ళు గడిచాయి. ఇద్దరికీ జుట్టు నెరిసింది, 'ట' నెరవలేదు.

పోయిన చలికాలంలో చేతులాయనకి కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట చలి అనుకున్నాడు. ఎండలు వచ్చాక చలి అనుకోవడానికి వీల్లేకపోయింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం చూసి భార్య డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. మందుతో నెమ్మదిస్తుంది కానీ పూర్తిగా పోయే రకం కాదన్నాడు డాక్టరు. గడియారాలు ఎలాగో చెయ్యగలుగుతున్నాడు, బల్లకి మోచెయ్యి ఆనించి. తీగచుట్ట మాత్రం ఆయన మాట వినడం మానేసింది. వెంట్రుకకి కాస్త లావైన తీగని వరసలో పక్కపక్కనే పడేలా చుట్టాలి. ఒక్క చుట్టు ఇంకోదాని మీదికెక్కితే మొత్తం లావెక్కి గూట్లో పట్టదు.

"మరిదికి చెప్పవయ్యా," అంది భార్య. "వాడికీ వచ్చుగా ఈ పని."

"ఎవరి ముందూ చెయ్యి చాచలేదు ఇన్నాళ్ళూ."

"ఇప్పుడు చాచినా వణుకుతుందిలే, అడుగుతున్నావో పొమ్మంటున్నావో వాడికి తెలీదు," అందావిడ. ఆయన నవ్వలేదు. అది చూసి ఆవిడకి భయం వేసింది, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే పళ్ళ డాక్టరమ్మ కారు వచ్చింది. వాళ్ళ నాన్న నడిపిన కారు, ఇప్పుడు ఆవిడ నడుపుతోంది. కుడివైపు చెయ్యి లేవడం లేదు. తీగచుట్ట మాడిపోయింది. సాయంత్రానికి ఇస్తానని అలవాటుగా నోరు జారాడు చేతులాయన. ఆవిడ వెళుతూ, "ఈసారి కాకపోతే ఇక దీపాలు పెట్టించేస్తానండీ, రోడ్డు మీద భయంగా ఉంది" అంది. దీపాలు పెట్టించడమంటే పక్కవాటాకి వెళ్ళడం. ఊళ్ళో చేతులున్న కార్లలో క్రమం తప్పకుండా తిరిగేది అదొక్కటే. అదీ పోతే ఆ బల్ల దగ్గర ఆయన కూర్చోవడానికి కారణమే లేదు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

పొద్దున్నుంచి చుట్టాడు. చుట్టినదంతా విప్పాడు. మళ్ళీ చుట్టాడు. తీగ ఎక్కింది, విప్పబోతే తెగింది. అవతల తమ్ముడు ఏదో రేకుని సుత్తితో సరిచేస్తున్నాడు. చేతులాయన తీగ ఉండని బల్ల మీద పెట్టి, ప్లైవుడ్ వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంతకంటే నేరుగా అడగడం ఆయన వల్ల కాలేదు.

"చెయ్యి పనిచెయ్యడం లేదట."

సుత్తి ఆగింది. "ఎడమదాట, కుడిదాట?"

"కుడిదట."

"అసలు లేవడం లేదటా?"

"లేస్తుందట. నిలబడదట. వణుకుతోందట."

"అయితే ఇరుసు అరిగి ఉంటుందట. ఒక చుక్క నూనె వేస్తే సరిపోతుందట."

"నూనెకి లొంగేది కాదట."

"ఎన్నాళ్ళబట్టిట?"

"పోయిన చలికాలం నుంచిట."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారట? ఊడబీకి వేరేది వేసెయ్యొచ్చుగా."

తమ్ముడు తన ధోరణిలో తాను పుల్లవిరుపుగా అన్నాడు. చేతులాయన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. సిగ్గేసింది, కోపం వచ్చింది, ఆ రెండిటికీ మించి దిగులేసింది. ఆఖరికి, "వేరేది దొరకదట" అన్నాడు.

అవతలినుంచి సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది, మధ్యలో ఆగిపోయింది. చలికాలం నుంచీ షెడ్డులో పడి ఉన్న కారేదీ లేదని తమ్ముడికి అప్పుడు తట్టింది.

"ఏ కారుది?" అన్నాడు. చెక్కకి దగ్గరగా వచ్చాడు.

"అన్నయ్యా, ఎవరి చెయ్యి?"

"నాదేరా."

చెక్కకి తలుపు లేదు గనక తమ్ముడు బయటి రోడ్డెక్కి, చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. వచ్చేసరికి నుదుటి మీద కళ్ళద్దాలు, చేతిలో ఆ సుత్తి అలాగే ఉన్నాయి. అన్న చెయ్యి వైపు ఒకసారి చూశాడు. సుత్తి కింద పెట్టి, బల్ల దగ్గరికి ఇంకో స్టూలు లాక్కుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని, తెగిన తీగ అందుకున్నాడు.

"పక్కపక్కన పడాలి. ఎక్కించకు," అన్నాడు అన్న.

"తెలుసులే."

"తెలిస్తే ఎక్కిందేం మరి?"

"నువ్వు ఊపిరాడనిస్తే కదా."

మొదటిసారి పాడుచేశాడు. చెయ్యి తిరిగిన పనివాడైనా ఈ పని వదిలేసి ఏళ్ళయింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. అన్న ఈసారి నోరు కట్టుకుని తీగ ఉండ మాత్రం పట్టుకున్నాడు. వణికే చేతిలో ఉండ గిరగిరా తేలిగ్గా తిరిగింది. వణుకు వల్ల జరిగిన మేలు అదొక్కటే. ఎండ వాలేసరికి తీగచుట్ట గూట్లో సరిపోయింది.

పళ్ళ డాక్టరమ్మ వచ్చి కూర్చుని మీట తిప్పింది. చెయ్యి టక్కున లేచి, వెలిగి, కదలకుండా నిలబడింది. ఆవిడ రెండుసార్లు తిప్పి చూసుకుంది.

"మీ చెయ్యి పడితే ఇక చూసుకోనక్కర్లేదండీ," అంది.

తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి, తనకేమీ సంబంధం లేనట్టు గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ రోడ్డు చూస్తున్నాడు. చేతులాయన తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ అడిగేవాళ్ళు లేరు, తమ్ముడైతే అసలే అడగడు. కానీ ఊరుకోవడానికి ఆయనకి మనసొప్పలేదు.

"ఇది నా చెయ్యి కాదమ్మా. నాది వణుకుతోంది. ఇది మా తమ్ముడిది."

ఆవిడ ఆయన చేతినీ, గుమ్మం దగ్గరి మనిషినీ చూసింది. "ఎడమవైపుది కూడా ఈమధ్య నీరసంగా లేస్తోంది. వచ్చేవారం తెస్తాను. ఎవరికివ్వమంటారు మరి?"

చేతులాయన నోరు తెరిచాడు. వాడికే ఇమ్మని చెబుదామని చెయ్యెత్తి తమ్ముడిని చూపించబోయాడు. చెయ్యి లేచింది గానీ ఎటు చూపిస్తోందో దానికే తెలియలేదు.

"మాకే ఇవ్వండి," అన్నాడు తమ్ముడు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే.

చేతులాయనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పళ్ళ డాక్టరమ్మ చూడనట్టు తలుపు వేసుకుని కారు తీసింది.