పదహారు దగ్గర పెట్టిన చుక్క

ఇన్నేళ్లుగా ఒక గ్రాఫు నా గుండెల మీద కూర్చుని ఉంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గుంటూరు పక్కన, నల్లపాడు వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పత్తి చేలల్లో పచ్చపురుగు ఎలా వ్యాపిస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాం రాశాను. ఒక్కో కంప్యూటరుకు కొన్ని ఊళ్ల పొలాలు అప్పగించాను. పొలిమేర దాటిన పురుగుల సంగతి అవి ఒకదానికొకటి చెప్పుకోవాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ పని త్వరగా తెమలాలి. ఎనిమిది వరకూ తెమిలింది. పదహారు పెడితే ఎనిమిదింటి కంటే ఆలస్యమైంది. మిరపకోతకు కూలీలను రెట్టింపు చేసి కాటా మాత్రం ఒక్కటే పెట్టినట్టు, పనికన్నా ఎదురుచూపే ఎక్కువైపోయింది.

ఆ అంకె కళ్లారా చూశాను. చూసి, కాగితం చింపేశాను. మా హెడ్డు గారు అప్పటికే పదహారింతల వేగమని అందరికీ చెప్పేశారు. నా ఉద్యోగం పర్మనెంటు కావాల్సిన ఏడాది. గ్రాఫులో ఎనిమిది దాకా వచ్చిన గీతను అలాగే పైకి లాగి, పదహారు దగ్గర చుక్క పెట్టాను. భయమా? ఆశా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా రెండూ అనే జవాబొస్తుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. కనిగిరి నుంచి షమీమ్ అనే అమ్మాయి ఎం.టెక్.కు వచ్చి నా దగ్గరే ప్రాజెక్టు తీసుకుంది. నా గ్రాఫును నమ్మి, ముప్ఫై రెండు కంప్యూటర్ల దాకా తీసుకెళ్తానంది. ఒక మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని వచ్చి నిలబడింది.

"సార్, పదహారు పెడితే స్లో అయిపోతోందండి. నాలుగుసార్లు రన్ చేశానండి. మీకెలా వచ్చిందండీ?"

"నాకు వచ్చిందిగా! నీ ప్రోగ్రాంలోనే ఎక్కడో తప్పుంది. వెతుక్కోమ్మా."

వెతికింది. ఏడాది. గడువు పెంచుకుని మరో ఆర్నెల్లు. లేని తప్పు కోసం ఒక్కో లైను మీదా వేలు పెట్టి చదువుకుంటుంటే, పక్క గదిలో కూర్చుని టీ తాగుతూ చూసేవాణ్ని. ఒక్క మాట చాలు. టీ ముగించి క్లాసుకు వెళ్లిపోయేవాణ్ని. చివరికి, తనకు ఈ చదువు అబ్బలేదని, నా సమయం వృథా చేసినందుకు నాకే క్షమాపణ చెప్పి, డిగ్రీ లేకుండా వెళ్లిపోయింది.

నేను పర్మనెంటయ్యాను. కనిగిరి బస్సు కనబడితే ఇప్పటికీ తల తిప్పుకుంటాను. క్షమించమని అడిగే మొహం లేదు. ఆమెకు రాయాల్సింది మీకు రాస్తున్నాను, ఇదీ పిరికితనమే. అయినా రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

పదహారు దగ్గర నాకూ స్లో అయింది. షమీమ్ ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు.