వచ్చి చూసి పొమ్మన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద శుక్రవారం నాడు మాత్రమే ఇంగ్లీషు వినిపించేది. అప్పుడు మాది నవాబు ఏలుబడి, సర్కారు బడులకు శుక్రవారమే సెలవు. నాగర్‌కర్నూలు పెద్ద బడిలో ఇంగ్లీషు చెప్పేది మా పెద్దనాయన. బడిలో చదువంతా ఉర్దూలో సాగేది, ఇంగ్లీషుకు రోజుకు ఒక్క గంట. ఆ గంట పిల్లల నోళ్లు తిరగడానికే సరిపోతుందని, పై తరగతి వాళ్లను ఏడెనిమిది మందిని సెలవు రోజున ఇంటికి రమ్మనేవారు. వాళ్లు అరుగు మీద చాప పరుచుకుని కూర్చునేవాళ్లు. నేను గడపకు లోపల, తలుపు చాటున, పలక పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఆ బడి మగపిల్లలది. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆడపిల్లల చిన్న బడిలో నాలుగో తరగతితోనే నా చదువు ముగిసింది. తలుపు చాటున కూర్చొమ్మని పెద్దనాయన నాతో ఎప్పుడూ అనలేదు, వద్దని కూడా అనలేదు. ఒక శుక్రవారం నేను వెళ్లేసరికి అక్కడ ఒక పీట వేసి ఉంది. అంతే. తరువాత కొన్నాళ్లకు, పిల్లలు పరీక్ష రాయగా మిగిలిన తెల్లకాగితాలు దారంతో కుట్టి నాకొక పుస్తకం చేసి ఇచ్చారు. ఆ రోజు ఏం జరిగిందో అందులో రాసుకునేదాన్ని. కొత్తవాళ్లెవరైనా ఇంటికొస్తే నాకు గొంతు పెగిలేది కాదు. వాళ్లు వెళ్లిపోయాక, వాళ్లతో ఏం మాట్లాడి ఉండేదాన్నో అది కూడా ఆ పుస్తకంలోనే రాసేదాన్ని.

పెద్దనాయన పాఠం చెప్పే పద్ధతి ఒకటుండేది. దానికి ఆయన పెట్టుకున్న పేరు రాకపోకలు. ఒక పిల్లవాడు తన ఇంటి సంగతి ఏదైనా తెలుగులో చెప్పాలి. రెండోవాడు దాన్ని ఇంగ్లీషులో రాయాలి. ఈ తెలుగు వినపడకుండా మూడోవాణ్ని దూరంగా వేపచెట్టు కింద నిలబెట్టేవారు. వాడు వచ్చి ఆ ఇంగ్లీషు చూసి తిరిగి తెలుగులో చెప్పాలి. పోయిన మాట, వచ్చిన మాట ఒకటేనా కాదా అని మిగిలినవాళ్లు తేల్చాలి.

ఒకసారి ఒకడు, మా నాయన కూలికి పోయిండు, అందుకే ఎద్దుకు ఇంకా నీళ్లు పెట్టలేదు అని చెప్పాడు. చెట్టు కింద నుంచి వచ్చినవాడు కాగితం చూసి, "ఎద్దు నీళ్లు తాగలేదు" అన్నాడు.

"మరి వీని నాయన ఏడ పోయిండురా?" అని అడిగారు పెద్దనాయన.

రాసినవాడు తల గోక్కున్నాడు. "ఏడనో పడిపోయిండు, మాస్టర్ సాబ్."

"ఇంగ్లీషులకు సముద్రం దాటేటప్పుడు పడిపోయినట్టున్నడు. పోయి తీస్కరా పో."

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ తలుపు చాటున చేయి అడ్డం పెట్టుకుని నవ్వాను. నా పలక మీద మాత్రం ఆ నాయన క్షేమంగా ఉన్నాడు. నేను ఎవరినీ సముద్రంలో పడేయనని లోలోపల చాలా గర్వంగా ఉండేది. పైగా పెద్దనాయన పెట్టెలో అర్జీలు రాయడం నేర్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది. అందులోని బరువైన మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. వాటిని ఒకరికి చూపించే రోజు వస్తుందా అని ఎదురుచూసేదాన్ని.

చలికాలం చివర్లో ఆ రోజు వచ్చింది. అంతకు ముందు సాయంత్రం పెద్దనాయన కుడిచేతి వేలికి తేలు కుట్టింది. తెల్లవారేసరికి చేయి మణికట్టు దాకా వాచింది. ఆకు పసరు వేసి గుడ్డ కట్టారు. పిల్లలు అప్పుడే వచ్చి చాప పరుస్తున్నారు. అరుగు ముందు ఒక ముసలావిడ వచ్చి నిలబడింది. నల్లమల చెంచు అవ్వ. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో తేనె నింపిన సొరకాయ బుర్ర. రెండు రోజులు నడిచి వచ్చిందట. దొర భాష వచ్చిన పంతులు ఇక్కడున్నాడని సంతలో ఎవరో చెప్పారట.

పెద్దనాయన పిల్లలను వేపచెట్టు కిందికి పొమ్మని, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టారు. ఆమె ఎవరినీ మీరు అనదు. ఆయన్నీ నువ్వనే అన్నది.

"పంతులూ, నాకొక కాయితం గావాలె. దొర భాషల గావాలె."

అడవిలో వాళ్లవి పన్నెండు గుడిసెలు. వానలు పడేలోపు గుడిసెలు పీక్కుని కింది ఊళ్లకు పోవాలని అడవి కాపలావాళ్లు చెప్పి వెళ్లారు. ఆమె రెండుసార్లు కాగితం రాయించి ఇచ్చింది. అవి ఎక్కడ ఆగిపోయాయో ఆమెకు తెలియదు. ఇప్పుడు అడవుల మీద పెత్తనం చేసే తెల్లదొర ఊరి బంగళాలో దిగాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లిపోతాడు. ఆయన చదవగలిగే కాగితం, నడుమ ఎవరి చేతికీ పోకుండా, ఆయన చేతిలోనే పెట్టాలని ఆమె వచ్చింది.

"మేము ఎవల జాగల లేము," అన్నది. "మా ముసలోన్ని ఆడనే పెట్టినం. యాడ తవ్వితె నీళ్లున్నయో మా పిల్లలకు ఆడనే ఎరుక. గీడికి దెచ్చి ఇడిచిపెడితె ఏం జేసి బతుకుతరు? దొర గూడ మనిషే గద. ఒక్కపారి ఒచ్చి సూసి పొమ్మను. తోవ నేనే సూపిస్త. సూసినంక ఎల్లగొడితె ఎల్లగొట్టమను."

గొంతు తగ్గించలేదు, కన్నీళ్లు పెట్టలేదు. మనం పక్క ఊరి చుట్టానికి కబురు పంపేటప్పుడు ఎలా మాట్లాడతామో అలా మాట్లాడింది.

పెద్దనాయన లోపలికి వచ్చారు. ఎడమచేత్తో తెల్లకాగితం, సిరాబుడ్డి, కలం తెచ్చి నా పీట ముందు పెట్టారు.

"విన్నవు గద బిడ్డా. రాయి," అన్నారు మెల్లగా.

ఎవరికో పంపే ఇంగ్లీషు నేను రాయడం అదే మొదలు. పుస్తకంలోని మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. ఎంతో సొగసుగా రాశానని అనుకున్నాను. అర్ధగంటకు కాగితం నిండింది. పెద్దనాయన తీసుకుని నిలబడే చదివారు.

"ఇంగ్లీషుల తప్పేం లేదు," అన్నారు.

నాకు ఆకాశం అందినట్టయింది. ఆయన మాత్రం నవ్వలేదు. కాగితం పట్టుకుని అరుగు మీదికి వెళ్లి, వేపచెట్టు కింద నుంచి తెలివైనవాణ్ని ఒకణ్ని పిలిచారు. అవ్వ చెప్పింది వాడు వినలేదు. చేతికి కట్టున్నా కాగితం రాసింది మాస్టరేనని వాడూ, వాడి వెనక వచ్చి నిలబడిన పిల్లలూ అనుకున్నారు.

"గిది అవ్వకు తెలుగుల చెప్పు," అన్నారు పెద్దనాయన.

వాడు గొంతు సవరించుకుని చెప్పాడు. మహాప్రభువుల పాదపద్మములకు మొక్కి విన్నవించుకొనునది. మేము చదువుసంధ్యలు లేని మూఢులము. దిక్కులేని వారము. అడవి మృగముల వలె కాలము గడుపుచున్నాము. తమ కాళ్లపై పడి వేడుకొనుచున్నాము. మమ్ములను దయదలచి అక్కడనే ఉండనిచ్చిన యెడల తమ పేరు చెప్పుకొని బ్రతుకగలము.

అవ్వ శ్రద్ధగా విన్నది. వాడు ఆపాక కూడా ఇంకేదో వస్తుందని వాడి నోటి వంకే చూసింది.

"ఇంకేమున్నది?"

"అంతే అవ్వా."

"గిది ఎవల కాయితమో సదివినవు నాయనా. పాపం ఎవలో శానా ఆపతిల ఉన్నరు. నాది తియ్యి."

వెనక ఇద్దరు కిసుక్కున నవ్వారు. చదివినవాడు తికమకపడి, "గిది నీదే అవ్వా," అన్నాడు.

"నాదైతె నా మాట ఏది? నేను ఎవల కాళ్ల మీద పడ్డ? మా ముసలోడేడి? దొరను ఒచ్చి సూసి పొమ్మంటి. ఆ మాటేది?"

ఎవరూ నవ్వలేదు. పిల్లలంతా మాస్టర్ ముఖం చూడలేక చాప వంక చూస్తున్నారు. అప్పుడు పెద్దనాయన గొంతు వినిపించింది.

"తప్పు నాదే అవ్వా. మల్ల రాస్త."

బడిలో ఆయన మాటకు తిరుగులేదు. అలాంటి మనిషి ఎనిమిది మంది శిష్యుల ముందు తల వంచి ఆ మాట అన్నారు. లోపలికి వచ్చి నా వంక చూడకుండానే కాగితం నా ముందు పెట్టి వెళ్లిపోయారు. తిడితే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది.

నేను తలుపు చాటున ఏడ్చాను. ఏడుస్తూనే నాకు ఒకటి తెలిసింది. ఎద్దు సంగతి రాసిన పిల్లవాడి చేతిలో ఆ నాయన పొరపాటున పడిపోయాడు. అవ్వ మాటను నేను మరిచిపోలేదు. అడవిలో ఉండే ముసలిది అంత పెద్ద దొరను రమ్మని పిలవడమేమిటి, వింటే కోప్పడతాడు, ఇలా అంటేనే ఆమెకు మేలు అని నేనే తీసేశాను. ఆమె చేయని దండాలు నేనే పెట్టించాను. రెండు రోజుల అడవి దారిని కాళ్లతో తొక్కి తెచ్చుకున్న మాటను నేను చేతులారా తోసేశాను. తెల్లవారితే దొర వెళ్లిపోతాడు. ఈ కాగితమే అందితే, అవ్వ రమ్మన్నదని ఆయనకు ఎప్పటికీ తెలియదు.

కొత్తగా రాయాలంటే ఆమె మాటలు మళ్లీ వినాలి. తలుపు చాటు నుంచి అడిగితే నా గొంతు అరుగు దాకా పోదు. నేను కలమూ కాగితమూ తీసుకుని గడప దాటాను. అన్ని రోజులూ నేను వాళ్ల పాఠం విన్నాను గాని, ఆ పిల్లలు నన్ను చూడటం అదే మొదటిసారి. ఎవడో, "ఎవరురా గీ పిల్ల?" అన్నాడు. వంటింట్లో నుంచి అమ్మ పిలుస్తూనే ఉంది. వెళ్లి అవ్వ ఎదుట కూర్చున్నాను.

"అవ్వా, జర మల్లొకసారి చెప్తవా?"

"నీకెందుకు పిల్లా?" అన్నది. అంటూనే నా వేళ్ల వంక చూసింది. రెండు వేళ్లకు సిరా అంటి ఉంది. తరువాత పెద్దనాయన చేతికి ఉన్న కట్టు చూసింది. కొంచెం పక్కకు జరిగి, "ఈడ కూసో," అన్నది.

పెద్దనాయన పిల్లలను మళ్లీ వేపచెట్టు కిందికి పంపారు. అవ్వ ఒక్కొక్క మాటే చెప్పింది. ఒక్కొక్క మాటే రాశాను. రాసిన ప్రతి మాటనూ అక్కడికక్కడే తెలుగులో ఆమెకు చెప్పాను. ముసలోని పేరు కూడా రాయమన్నది. ఆ పేరు నాకిప్పటికీ గుర్తుంది, అది వాళ్లది కాబట్టి ఇక్కడ రాయను. పుస్తకంలోని బరువైన మాట ఒక్కటి కూడా అవసరం పడలేదు. నీళ్లు, పిల్లలు, మా ముసలాయన, రండి, చూడండి. మొదటి వాచకంలో ఉండే మాటలే. వేపచెట్టు కింది నుంచి ఇంకొకణ్ని పిలిచి చదివించారు పెద్దనాయన. వాడు కాగితం చూసి తెలుగులో చెప్పుకుపోతుంటే అవ్వ ప్రతి మాటకూ తల ఊపింది. చివర, వచ్చి చూసి పొండి, దారి నేనే చూపిస్తాను అనగానే, "ఆఁ, గిది నాది," అని బొటనవేలు సిరాలో ముంచింది.

వెళ్తూ వెళ్తూ తేనెబుర్రను పెద్దనాయనకు ఇవ్వలేదు. తలుపు చాటున నా పీట పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమెతో పాటు పెద్దనాయన బంగళాకు వెళ్లారు. అక్కడ జరిగింది ఆయన చెబితే విన్నదే. దొర నిలబడే కాగితం చదివాడట. చదివి, పెద్దనాయన వంక కాకుండా అవ్వ వంక చూసి, ఎంత దూరమని అడిగాడట. "నాకు రెండు దినాలు. ఆ బూట్లతోటి ఆయనకు మూడు," అన్నదట అవ్వ. పెద్దనాయన ఆ బూట్లను కూడా సముద్రంలో పడేయకుండా దాటించారట. దొర తన కాళ్ల వంక చూసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడట.

ఆ నెలలోనే ఆయన అడవికి వెళ్లాడని విన్నాం. ఆ వానాకాలం ఆ గుడిసెల జోలికి ఎవరూ పోలేదు. మరుసటి చలికాలం అవ్వ ఒకసారి వచ్చి, నేను రాసుకునే పుస్తకం చూపించమని అడిగి, తిరగేసి చూసి నవ్వి వెళ్లింది. ఆ తరువాత రాలేదు. ఆ దొర బదిలీ అయ్యాక ఆ పన్నెండు గుడిసెలు ఏమయ్యాయో నాకు తెలియదు. ఒక్క కాగితం ఎంతకాలం కాపాడగలదో కూడా తెలియదు.

ఆ కాగితం రాసిన తరువాతి శుక్రవారం నుంచి నా పీట గడపకు బయట ఉంది. దాన్ని ఎవరు జరిపారో నేను అడగలేదు.

ఇప్పుడు వనపర్తిలో ఆడపిల్లలకు నేను ఇంగ్లీషు చెబుతున్నాను. నా వయసు చిన్నదే అయినా ఆ పిల్లల కళ్లకు నేనే పెద్దదాన్ని. మా బడిలో వేపచెట్టు లేదు, అందుకని ఒక పిల్లను వరండా చివర నిలబెడతాను. పెద్దనాయన లేరు. ఆయన కుట్టిచ్చిన పుస్తకంలో నేను రాసిన ఆ మొదటి కాగితం ఇంకా ఉంది. సిరా కొంచెం వెలిసింది. అప్పుడప్పుడు తీసి చదువుతాను. పెద్దనాయన అన్నది నిజమే, దాంట్లో ఇంగ్లీషు తప్పు ఒక్కటి కూడా లేదు.

ఎవరి తరఫున ఏది రాసినా, ముగించే ముందు ఒకసారి చేయి ఆగుతుంది. నాదైతె నా మాట ఏది అని అవ్వ అడుగుతున్నట్టే ఉంటుంది. ఈ నాలుగు పుటలు రాశాక కూడా మొదటి నుంచి మెల్లగా, పైకి చదువుకున్నాను, ఆమె చెప్పినవాటిలో ఏదైనా పడిపోయిందేమోనని.